మిల్లులో తెల్ల కర్టెన్

ఆ ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళ షాపాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి షాపు తెరవాలి. పక్క సెలూన్ ఆయనకు కొత్త అద్దాలు అప్పగించాలి. తనకోసం ఎవరికీ తెలియకుండా ఇంకో జత తయారు చేసుకోవాలి. పదకొండింటికి ఇల్లు చేరి, కిటికీలు మూసి, పదిహేనేళ్ళ కిందటి దయ్యాల వీడియో గేమ్‌ని కూతురి ముందు కనురెప్ప కొట్టకుండా ఆడి చూపించాలి. అంతే.

తప్పంతా ఆయనదే, ఇంకొకరిని అనడానికి లేదు. శనివారం పాప డైరీలో టీచర్ మూడోసారి రాసింది, బోర్డు మీద లెక్కలు తప్పుగా ఎక్కించుకుంటోందని. వెంటనే పాపను షాపు కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాల చార్టు చదివించాడు. తొమ్మిదేళ్ళ పిల్ల పై వరస నుంచి అడుగు వరస దాకా గడగడా చదివేసింది. దాంతో ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

"కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. లేనిదల్లా శ్రద్ధే! నన్ను చూసి నేర్చుకో. హాస్టల్లో ఆ మిల్లు దయ్యాల వీడియో గేమ్ ఆడితే మహామహులే జడుసుకుని పారిపోయారు. నేను చివరిదాకా చూపు తిప్పలేదు. కావాలంటే మీ మావయ్యనడుగు."

మావయ్య, అంటే ఆయన బావమరిది, ఆ హాస్టల్లో ఆయనకు రెండేళ్ళు జూనియర్. ఎప్పుడడిగినా సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉంటాడు. "నిజమేనే పాపా! నేను వెనకాల దుప్పటి కప్పుకుని 'అన్నా, ఎడమవైపు! అన్నా, వెనకాల!' అని గొంతు చించుకున్నాను. మీ నాన్న బండరాయిలా కూర్చున్నాడు." ఆ బండరాయిని చూసి ముచ్చటపడే ఇంట్లో అక్కకు చెప్పి పెళ్ళి కుదిర్చాడు. అందుకు ప్రతిఫలంగా ఇన్నేళ్ళూ బావ చేత 'దుప్పటి వీరుడు' అని పిలిపించుకుంటున్నాడు.

"అయితే ఇప్పుడు ఆడి చూపించు నాన్నా," అంది పాప. బావమరిది ఊరుకుంటాడా? ఎవరి అటక మీదో దుమ్ము కొట్టుకుపోతున్న పాత మెషీను, డిస్కు సంపాదించి, సాయంత్రానికల్లా హాల్లో టీవీకి తగిలించేశాడు.

ఇక్కడ అసలు సంగతి చెప్పుకోవాలి. హాస్టల్ రోజుల్లో ఈయన కళ్ళు మైనస్ ఆరు. ఆట మొదలవగానే "చెమటకి జారిపోతున్నాయి" అంటూ అద్దాలు తీసి జేబులో పెట్టుకునేవాడు. ఇక ఆ మూతబడ్డ నూలు మిల్లులో దయ్యాలెక్కడివి? అన్నీ మసక మరకలే. తెల్లగా ఏదైనా కనిపిస్తే కర్టెన్ అనుకునేవాడు. దుప్పట్లోంచి ఏ దిక్కు పేరు వినిపిస్తే ఆ దిక్కుకు తుపాకీ కాల్చేవాడు. ఆట అలా పూర్తయింది. పేరు మాత్రం ఈయనకు వచ్చింది.

ఇప్పుడా సౌకర్యం లేదు. రెండేళ్ళ కిందట కళ్ళకు ఆపరేషన్ చేయించుకుని, "అమ్మయ్య, కళ్ళజోడు పీడ వదిలింది" అని ఇల్లంతా వినిపించేలా అన్నాడు. కళ్ళజోడు లేనివాడి దగ్గర కళ్ళజోడు ఎవరు కొంటారని పవర్ లేని నల్ల ఫ్రేమొకటి పెట్టుకు తిరుగుతున్నాడు, అంతే. అందుకని అచ్చం అలాంటి ఫ్రేములోనే ప్లస్ ఐదు అద్దాలు బిగించుకోవాలని ఎత్తు వేశాడు. అవి పెట్టుకుంటే ఎదుటి మనిషి కూడా మబ్బుతునకలా కనిపిస్తాడు. టీవీలో దయ్యమెంత!

పని పదిన్నరకే అయిపోయింది. సెలూన్ ఆయన ముందే "సార్, మీదెలా ఉందో అలాంటి ఫ్రేమే కావాలి" అని ముచ్చటపడ్డాడు కాబట్టి, బల్లమీద రెండు నల్ల ఫ్రేములు, రెండు గోధుమరంగు పెట్టెలు. మామూలుగా మెషీన్ మీద పెట్టి పవర్ సరిచూడందే ఎవరికీ అద్దాలివ్వని మనిషి. ఆ రోజు బుర్ర మిల్లులో ఉంది. ఒక పెట్టె సెలూన్ ఆయన చేతిలో పెట్టి, రెండోది జేబులో వేసుకున్నాడు.

సెలూన్ ఆయన అద్దాలు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. "సార్, అంతా పొగమంచులా ఉందే?"

"కొత్త అద్దాలు కదన్నా. రెండు రోజులంతే, అలవాటైపోతుంది," అన్నాడు ఈయన షట్టర్ దించుతూ, వెనక్కి తిరగకుండా. ఇరవై మందికి ఇరవై సార్లు చెప్పే మాటే అది. సెలూన్ ఆయన బుద్ధిగా తల ఊపి, గోడ పట్టుకుని తన కొట్లోకి వెళ్ళాడు. అక్కడ కుర్చీలో బావమరిది కూర్చుని ఉన్నాడు. మర్నాడు కొత్త ఆఫీసులో చేరాలి, గుర్తింపు కార్డుకి ఫొటో తీస్తారు, కాస్త ముఖం చక్కబెట్టించుకుందామని వచ్చాడు.

పదకొండున్నరైనా బావమరిది రాలేదు. ఇంకెంతసేపని మొదలుపెట్టేశారు. కిటికీలు మూశారు. భార్య సోఫాలో దిండు పట్టుకుని కూర్చుంది. పాప నాన్నకు ఆనుకుని కూర్చుంది. ఆయన ముక్కుమీది ఫ్రేము తుడిచే వంకతో హుందాగా పెట్టె తీసి, అందులోవి పెట్టుకుని, మసక కోసం ఎదురుచూశాడు.

మసక రాలేదు. టీవీలో బొమ్మ ఒక్క పిసరు చిన్నదై, ప్రతి గీతా సూదితో గీసినట్టు తేటగా కనిపించింది. సెలూన్ ఆయనది మైనస్ ఒకటిన్నర అని, అది ఇప్పుడు తన ముక్కుమీద ఉందని తెలిసేసరికి ఆయన ఆట ఆడే మీటల పెట్టె మీద వేళ్ళు కదపడం మరిచిపోయాడు.

"ఏంటి నాన్నా, కదలవేం?"

"వస్తున్నా, వస్తున్నా. దారి గుర్తు చేసుకుంటున్నా."

మిల్లులో మగ్గాల మధ్య నడిచాడు. మూల మలుపులో తెల్లగా ఏదో ఉంది. పదిహేనేళ్ళ కిందట ఆయన దాన్ని కర్టెన్ అనుకుని పక్కనుంచి నిమ్మళంగా వెళ్ళిపోయాడు. కర్టెన్ కాదది. ఒంటినిండా నూలు చుట్టుకున్న ఆడమనిషి. కనుగుడ్లలోంచి కూడా దారం వేలాడుతోంది. ఆమె తల తిప్పింది.

"అమ్మబాబోయ్!"

చేతిలో మీటల పెట్టె ఎగిరి అల్మారా మీద పడింది. ఆయన ఎగిరి భార్య దిండు వెనకాల పడ్డాడు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఒక ఆకారం లోపలికొచ్చింది. దానికి ఒకటే కనుబొమ ఉంది. ఈసారి భార్య కూడా గొంతు కలిపింది.

"నేనే అక్కా! చూడు, నా ఖర్మ!" అన్నాడు బావమరిది. ఆయన వెనకే సెలూన్ ఆయన గోడ తడుముకుంటూ వచ్చాడు.

"సార్, నల్లగా ఏదో కనిపిస్తే పెరిగిన జుట్టనుకుని మెషీన్ పెట్టేశాను. మీరేగా రెండు రోజుల్లో అలవాటవుతుందన్నారు!"

ఇంత గొడవలోనూ సోఫాలోంచి కదలనిది పాప ఒక్కతే. "ఎందుకు నాన్నా అరిచావు? అక్కడ తెల్ల కర్టెనేగా ఉంది?"

"చూశావా బావా, నీ కూతురికున్న గుండె నీకు లేదు!" అన్నాడు బావమరిది, ఉన్న ఒక్క కనుబొమా ఎగరేసి.

పెట్టెలు తారుమారయ్యాయేమోనని సెలూన్ ఆయన తన ముక్కుమీదివి తీసి షాపాయనకిచ్చాడు. ఆయన ముక్కుమీదివి లాక్కుని పెట్టుకున్నాడు. పెట్టుకోగానే ముఖం విప్పారింది. "ఇవే సార్ నావి! మరి ఇవెవరివి?"

అందరూ షాపాయన వంక చూశారు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. ఇంకో అబద్ధం కోసం వెతికితే దొరికేదే. కానీ పాప కూడా చూస్తోంది. నేలలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. నేల మీదే కూలబడి మొత్తం చెప్పేశాడు. మైనస్ ఆరు, చెమట వంక, జేబులో అద్దాలు, ఈవేళ ప్లస్ ఐదు.

"అంటే నువ్వేమీ చూడకుండా ఆడావా? నేను అరిచిన అరుపులతోనా?" అన్నాడు బావమరిది. "నన్ను పట్టుకుని ఇన్నేళ్ళు దుప్పటి వీరుడంటావా!"

"తప్పేరా. క్షమించు."

"పెళ్ళైన వారానికే బల్లిని చూసి మంచమెక్కారు. నాకప్పుడే తెలుసు లెండి," అంది భార్య.

పాప మాత్రం ఏదో ఆలోచిస్తోంది. "నాన్నా, అద్దాలు తీసేస్తే నీకు ఆ ఆంటీ కర్టెన్‌లా కనిపించేదా?"

"అవునమ్మలూ."

"నాకు ఇప్పుడు కూడా కర్టెన్‌లాగే ఉందిగా."

ఆయన పాప గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూశాడు. "మరి నిన్న చార్టంతా ఎలా చదివావే?"

"రోజూ షాపులో కూర్చుంటానుగా. కంఠతా వచ్చేసింది." పాప తల వంచుకుంది. "కళ్ళజోడు పీడ అన్నావుగా నాన్నా. నాకూ వస్తే నీకు బాధేస్తుందని..."

పొద్దుటి నుంచి పడ్డ సిగ్గంతా దీని ముందు ఏపాటిది? ఊరందరి చూపూ సరిచేసే మనిషి, పక్కనే కూర్చున్న పిల్ల చూపు పట్టుకోలేక శ్రద్ధ లేదని తిట్టాడు. కళ్ళనీళ్ళు వచ్చాయి. ఎవరేమనుకుంటే నాకేమని అందరి ముందే తుడుచుకున్నాడు.

అప్పటికప్పుడు షాపు తెరిచాడు. చార్టు తిరగేసి, వెనకవైపు కొత్త అక్షరాలు తన చేత్తో రాసి చదివించాడు. పాపకు మైనస్ రెండు. ఎర్ర ఫ్రేము పాపే ఎంచుకుంది. అద్దాలు బిగించి, మెషీన్ మీద మూడుసార్లు పవర్ సరిచూశాడు.

నాలుగింటికి మళ్ళీ కిటికీలు మూశారు. ఈసారి ఆట పాపది. మగ్గాలు దాటింది, మూల తిరిగింది. ఇల్లెగిరిపోయేలా కేక పెట్టి నాన్న చొక్కాలో తల దూర్చింది.

"కర్టెన్ కాదు నాన్నా అది!"

"కాదమ్మలూ."

కాసేపటికి చొక్కాలోంచి ఎర్ర కళ్ళజోడు పైకి లేచింది. "ఇదంతా కనిపిస్తుంటే నువ్వు పొద్దున ఒక్కసారే అరిచావా?" అంది పాప, నమ్మలేనట్టు. ఆయన ఆ మాటకు పొంగిపోబోయి, సిగ్గుపడి, రెండుసార్లని ఒప్పుకున్నాడు.

మర్నాడు డైరీలో టీచర్ ఏమీ రాయలేదు. కొత్త ఆఫీసులో బావమరిదిని మాత్రం అడగనివాడు లేడు. అందరికీ ఆయన ఒకటే జవాబిచ్చాడట: రెండు రోజులంతే, అలవాటైపోతుంది.