తదుపరి మార్పు – శుక్రవారం నుండి

"ఇందుమూలంగా ప్రొద్దుటూరు పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, ఇకమీదట పట్టణంలోకి ఏ మార్పు రావాలన్నా ముందుగా కన్వీనర్ గారి అనుమతి తీసుకొనే రావలెను. అనుమతి లేకుండా వచ్చిన మార్పులకు పార్టీ బాధ్యత వహించదు."

ఆటోకు కట్టిన మైకులో ఈ ప్రకటన వినబడినప్పుడు నేను ఒక చొక్కాకు కాజాలు కుడుతున్నాను. చెయ్యి ఆగిపోయింది. ఇంత ముందుచూపు ఉన్న నాయకుడు మా ఊళ్లో పుట్టడం మా పుణ్యమే. వేరే ఊళ్లలో మార్పులు అడగకుండానే వచ్చి పడుతుంటాయి, పాపం.

కన్వీనర్ అంటే గోపీకృష్ణ గారు. దేనికి కన్వీనర్ అని మాత్రం అడగకూడదు. ఒకసారి ఊరికి కొత్తగా వచ్చిన విలేకరి ఒకడు తెలియక అడిగేశాడు. "అన్నిటికీ" అన్నారు ఆయన. ఆ విలేకరి ఇప్పుడు వేరే జిల్లాలో ఉన్నాడు.

ఈ ప్రకటన వెనక ఒక చరిత్ర ఉంది. నేను కళ్లారా చూసినవాణ్ణి కాబట్టి చెప్తాను. నా టైలర్ షాపు చంద్రకాంత్ టాకీసుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఆ టాకీసు గేటు పక్కన ఒక బోర్డు. రాబోయే సినిమా ఏదో ఊరికి చెప్పే బోర్డు అది. వేరే హాళ్లలో దానిమీద "నెక్స్ట్ ఛేంజ్" అని ఇంగ్లీషు మాట రాస్తారు. మా రామాంజులు అట్లా రాయడు. "తదుపరి మార్పు" అని పైన, "శుక్రవారం నుండి" అని కింద, ఎర్ర ఎనామిల్ రంగుతో ఎప్పటికీ చెరగకుండా రాసి పెట్టుకున్నాడు. నడుమ మాత్రం ఖాళీ. డిస్ట్రిబ్యూటర్ ఫోను చేసి సినిమా పేరు చెప్పాక ఆ ఖాళీలో నీళ్ల రంగుతో రాసి, మరుసటి వారం తుడిచేస్తాడు. ముప్పై ఏండ్లుగా ఇదే పద్ధతి. ఒకప్పుడు ఊళ్లో సగం అంగళ్ల పేర్లు రామాంజులు చేతి రాతే. ఫ్లెక్సీలు వచ్చి అన్నీ ఎత్తుకుపోయాయి. ఈ ఒక్క బోర్డు మిగిలింది.

కన్వీనర్ గారి పుట్టినరోజుకు కార్యకర్తలు ఇరవై అడుగుల ఫ్లెక్సీ తెచ్చి, టాకీసు వాళ్లను ఒక్క మాట కూడా అడగకుండా, సరిగ్గా ఈ బోర్డుకు పైన కట్టిపోయారు. రెండు చేతులు జోడించి నవ్వుతున్న కన్వీనర్ గారు. ఆయన కాళ్ల కింద "తదుపరి మార్పు". దాని కింద ఖాళీ. దాని కింద "శుక్రవారం నుండి".

నాలుగు రోజులు ఎవరికీ ఏమీ తోచలేదు. ఐదో రోజు ఎవడో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. అది తిరిగి తిరిగి కన్వీనర్ గారి ఫోనులోకే వచ్చింది. అసలే ఆ వారం కడపలో పార్టీ వాళ్లు కన్వీనర్లను మారుస్తారని గుసగుసలు. మూడు కార్లు టాకీసు ముందు ఆగాయి.

"ఎవురప్పా ఈ బోర్డు రాసింది?" అని కన్వీనర్ గారు గర్జించారు.

"నేనే సార్" అన్నాడు రామాంజులు, కుంచె వెనక్కి దాచుకుంటూ.

"ఎవురు రాయమన్నారు?"

"ఎవురూ చెప్పల్యా సార్. ముప్పై ఏండ్లుగా రాస్తానే ఉండా."

"ముప్పై ఏండ్లుగా నామీద కుట్ర జరుగుతాందా!"

ముప్పై ఏండ్ల కిందట కన్వీనర్ గారు మూడో తరగతి. అంత చిన్న వయసులోనే శత్రువులు ఆయన శక్తిని కనిపెట్టారంటే మాటలు కాదు. నాకు ఒళ్లు పులకరించింది.

"సార్, మార్పంటే బొమ్మ మార్పు సార్. ఈ బొమ్మ పోయి ఇంకో బొమ్మ వస్తాది" అని టాకీసు ఓనరు రాఘవేంద్రప్రసాద్ చేతులు నలుపుకుంటూ చెప్పబోయాడు. ఆయనకు పక్క వీధిలో బట్టలంగడి కూడా ఉంది. మాట మెత్తన.

కన్వీనర్ గారు తలెత్తి ఫ్లెక్సీలో తన బొమ్మను చూసుకున్నారు. "అదే గదా నేను చెప్తాండేది" అన్నారు.

అక్కడికక్కడే మార్పుల పరిశీలనా కమిటీ ఏర్పడింది. రిటైర్డు తెలుగు టీచరు సుభాషిణి మేడం అధ్యక్షురాలు. ప్రజల తరఫున ఒక సభ్యుడు కావాలన్నారు. నేను ఎదురుగా కూర్చొని ఉన్నాను కాబట్టి నన్ను వేశారు. ఇంతకంటే పారదర్శకమైన ఎంపిక నేనెక్కడా చూడలేదు.

కమిటీ టాకీసు ఆఫీసు గదిలో, ఉగ్గాని బజ్జీ తింటూ, మూడు గంటలు కూర్చుంది. "తదుపరి మార్పు" బదులు ఏం రాయొచ్చన్నది అజెండా.

"త్వరలో, అని రాస్తే?" అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

"వద్దు" అన్నారు కన్వీనర్ గారు. "మంచినీళ్ల పైపులు త్వరలో అని నేనే చెప్పినా. రింగు రోడ్డు త్వరలో అనీ నేనే చెప్పినా. మళ్ళా త్వరలో అంటే జనం నవ్వుతారు."

"శుక్రవారం విడుదల, అంటే సార్?"

కన్వీనర్ గారు బజ్జీ పళ్లెం పక్కకు నెట్టారు. కన్వీనర్ గారి బావమరిది ఏదో భూమి కేసులో మూడు నెలలుగా రిమాండులో ఉన్నాడు. బెయిలు మీద శుక్రవారమే వాదనలు.

"కోర్టు చెప్పకముందే మనమెట్ల చెప్తాం? ధిక్కారమవుతాది" అన్నారు సుభాషిణి మేడం. టీచరమ్మ కదా, గండం గట్టెక్కించారు.

"రాబోవు చిత్రం?"

"ఎవురు రాబోయేది?" అని కన్వీనర్ గారు కుర్చీలోంచి లేచారు.

"ఆఖరి మూడు రోజులు" అన్న మాట మాత్రం రాఘవేంద్రప్రసాద్ నోటి దాకా వచ్చి ఆగింది. నేను చూశాను. దేవుడు కాపాడాడు.

మేడం చేతిలో బజ్జీ కింద పెట్టి తీర్పు చెప్పారు. "తెలుగులో రాబోయేదాన్ని గురించి ఏ మాట రాసినా మనకు తగుల్తాంది. తప్పు మాటల్లో లేదు. రావడంలోనే ఉంది. కాబట్టి ఏదీ రాకుండా చూసుకోవాల."

ఏకగ్రీవం. నేనూ చెయ్యెత్తాను. ఎత్తకుండా ఎట్లా?

"మరి శుక్రవారం కొత్త బొమ్మ సార్?" అన్నాడు రాఘవేంద్రప్రసాద్, ఏడుపు గొంతుతో.

"ఉన్న బొమ్మకేమొచ్చింది?"

"జనం రారు సార్."

"జనాన్ని తెప్పించేది నా పని. బొమ్మను మార్చకుండా ఉండేది నీ పని. ఆ బోర్డుకు తెల్లరంగు కొట్టించు."

తెల్లరంగు రామాంజులే కొట్టాడు. తన ఎర్ర అక్షరాలు మూడు పూతలకు గానీ మునగలేదు. చూడలేక నేను మిషన్ మీదికి తల వంచుకున్నాను. పని అయ్యాక రామాంజులు వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు.

"ఈ నెలాఖరు దాకా చూస్తాడంట ఓనరు. బోర్డు మీద రాసే పనే ల్యాకపోతే నేనెందుకు అంటాండాడు" అన్నాడు.

"ఇంకో పని చూసుకోరాదాప్పా?"

"యాడుండాది మామా? నాకు రాయడం దప్ప ఏమొచ్చు?"

టీ తెప్పించాను.

మరుసటి రోజే మైకు కట్టిన ఆ ఆటో ఊరంతా తిరిగింది. ఆ తర్వాత చంద్రకాంత్ టాకీసు కనీవినీ ఎరగని వైభవం చూసింది. ఆడుతున్న బొమ్మ మూడో రోజుకే పడుకున్న బొమ్మ. అన్న తమ్ముణ్ణి నరుకుతాడు, తమ్ముడు లేచి అన్నను నరుకుతాడు, నడుమ ఇద్దరూ కలిసి పాట పాడతారు. అయినా రోజుకు నాలుగు ఆటలూ హౌస్‌ఫుల్. ఆటోల్లో, ట్రాక్టర్లలో జనం దిగుతున్నారు. పెండ్లిమర్రి నుంచి, చక్రాయపేట నుంచి కూడా తోలుకొచ్చారు. ఆటకొక పులిహోర పొట్లం. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ, లోపల ఏసీ.

చక్రాయపేట నుంచి వచ్చిన రామేశ్వరమ్మ అనే గొర్రెలు కాసే అవ్వను నేనే అడిగాను, "బొమ్మ ఎట్లుందవ్వా?" అని.

"సల్లగుండాది నాయనా" అంది.

నిజంగా కొత్త సినిమాలు చూడాలనే పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం జమ్మలమడుగు బస్సెక్కి పోయి చూసి వస్తున్నారు. ఇంకొంచెం ముదిరిన పిచ్చివాళ్లు పులివెందుల దాకా పోతున్నారు. పట్టణాల మధ్య రాకపోకలు పెంచిన ఘనత కూడా కన్వీనర్ గారిదేనని పార్టీ వాళ్లు కరపత్రం వేశారు.

ఇరవై రెండో రోజు పొద్దున ఆపరేటర్ జావేద్ పరిగెత్తుకుంటూ నా షాపులోకి వచ్చాడు. "మామా, బొమ్మకు తాళం పడింది!"

ఇప్పుడు సినిమాలు రీళ్లలో రావు కదా. కంప్యూటర్‌లోకి వస్తాయి. దానికి తాళంచెవి లాంటి నంబరొకటి ఇస్తారు. ఆ నంబరుకు గడువు ఉంటుంది. గడువు దాటితే బొమ్మ పడదు. మళ్లీ నంబరు అడిగితే కంపెనీ వాళ్లు నవ్వారంట. ఆ సినిమా ఇంకా ఆడుతోందని వాళ్లకే తెలియదు.

రాఘవేంద్రప్రసాద్ నా ముందే కన్వీనర్ గారికి ఫోను చేసి స్పీకర్ పెట్టాడు.

"సార్, బొమ్మ పడదు సార్."

"జనం వచ్చినారా?"

"జనం నిండుగా ఉండారు సార్. బొమ్మే ల్యా."

"జనం ఉంటే ఇంకేం కావాలప్పా? కానీయ్."

జావేద్ ప్రొజెక్టరు వెలిగించాడు. తెర మీద తెల్లని వెలుతురు పడింది. రెండున్నర గంటలు అదే పడింది. నడుమ పద్ధతి ప్రకారం ఇంటర్వెల్ ఇచ్చారు. జనం లేచి బయటికొచ్చి సోడా తాగి మళ్లీ లోపలికి పోయి కూర్చున్నారు. నేనూ ఒక ఆట చూశాను. ఎవరూ ఈల వేయలేదు, కుర్చీ విరగ్గొట్టలేదు. నా పక్కన రామేశ్వరమ్మవ్వ, "ముందరి బొమ్మ కంటే ఇదే మేలు నాయనా. అరుపులు ల్యా, నరుకుడు ల్యా" అంది.

యాభయ్యో రోజు పండగ చేశారు. అదే రోజు విజయవాడ నుంచి పార్టీ పరిశీలకుడు వచ్చాడు. మూడు పట్టణాల కన్వీనర్లలో ఎవరిని ఉంచాలి, ఎవరిని తీసేయాలి అన్నది ఆయన చేతిలో ఉంది. కన్వీనర్ గారు ఆయన్ను నేరుగా టాకీసుకే తెచ్చారు. "మా ఊళ్లో ఒక్క బొమ్మ యాభై రోజులుగా హౌస్‌ఫుల్ సార్. జనం ఎంత స్థిరంగా ఉండారో మీరే చూడండి" అన్నారు.

పరిశీలకుడు బాల్కనీలో మొదటి వరుసలో కూర్చున్నాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. వెలుతురు పడగానే ఒకసారి ఇటు చూశాడు, ఒకసారి అటు చూశాడు. ఏడు వందల మంది కదలకుండా తెర వైపే చూస్తున్నారు. ఆయనా కళ్లద్దాలు తుడుచుకొని చూడడం మొదలుపెట్టాడు. నడుమ రెండు సార్లు తల ఊపాడు. ఒకచోట నవ్వాడు. ఆయన నవ్వగానే కన్వీనర్ గారు నవ్వారు. ఆయన నవ్వగానే హాలంతా నవ్వింది.

బయటికి రాగానే విలేకరులు చుట్టుముట్టారు.

"సినిమా ఎలా ఉంది సార్?"

"చాలా బావుందండీ. ఫస్టాఫ్ కాస్త నిదానం గానీ, సెకండాఫ్ లేవనివ్వలేదు."

"సినిమా పేరేంది సార్?"

పరిశీలకుడు ఒక్క క్షణం తడబడి, గేటు పక్కకు చెయ్యి చూపించాడు. "బోర్డు మీద అంత పెద్దగా ఉంటే నన్నడుగుతారేంటండీ?"

విలేకరులంతా వెనక్కి తిరిగి బోర్డు చూశారు. తెల్లగా, పాల మీగడలా ఉంది. రామాంజులు చెయ్యి కదా, పనిలో వంకపెట్టలేం. వాళ్లు చూసి, నోటు పుస్తకాల్లో ఏదో రాసుకున్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

మరుసటి రోజు పేపర్లో వచ్చింది. గోపీకృష్ణ గారిని ప్రొద్దుటూరు కన్వీనర్‌గా కొనసాగిస్తూ, జమ్మలమడుగు, పులివెందుల కన్వీనర్లను తీసేసి, ఆ రెండు పట్టణాల అదనపు బాధ్యత కూడా ఆయనకే ఇచ్చారు. నేను ఆ పేజీ కత్తిరించి షాపులో అతికించుకున్నాను.

సాయంత్రానికల్లా రామాంజులు నా షాపుకొచ్చాడు. నెలన్నర తర్వాత మొదటిసారి ముఖంలో కళ కనిపించింది.

"మామా, పని దొరికింది! జమ్మలమడుగు హాలు వాళ్లు ఒకరు, పులివెందుల హాలు వాళ్లు ఒకరు ఫోన్లు చేసినారు. శుక్రవారం నుంచి ఆడ గూడా ఇదే బొమ్మంట."

"నిన్నెందుకు పిలిచినారప్పా?"

"బోర్డు రాసేదానికి. ఈడ ఉండేటట్లే అచ్చు గుద్దినట్టు ఉండాలంట. ల్యాకపోతే కన్వీనర్ సార్ ఒప్పుకోడంట."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రామాంజులు మాత్రం నవ్వలేదు. కొత్త తెల్లరంగు డబ్బా మూత తీసి, వెలుతురులో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఏం రామాంజులూ, ఏందంత పరీక్షగా చూస్తాండావు?"

"శానా జాగ్రత్తగా రాయాల మామా. యాడన్నా ఒక్క చుక్క పడిందంటే, పేరు తప్పు రాసినానంటారు" అని, డబ్బా మూత బిగించి జమ్మలమడుగు బస్సెక్కడానికి పోయాడు.