బయోడేటాలో దూరిన పిట్ట

ఆ రోజుకి గిలాంగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పాక్ హర్యోనో గారి అప్పడాల ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ ముగించుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయడం. సోలో పట్నంలో వాళ్ళ వీధి మొత్తానికి డిగ్రీ పూర్తి చేసిన మొదటివాడు అతనే. వీధి మొగలో కొబ్బరన్నం పొట్లాలు అమ్మే వాళ్ళమ్మకు ఆ సంగతి మర్చిపోవడం ఎలాగో తెలియదు.

"ఉద్యోగం రాకముందే ఊరంతా చాటకమ్మా" అన్నాడు గిలాంగ్ చెప్పులేసుకుంటూ.

"నేనెవరికి చెప్పాన్రా? పొట్లం కొన్నవాళ్ళకి చెప్పా, అంతే."

"మన వీధిలో పొట్లం కొననివాళ్ళెవరమ్మా?"

"అందుకే, రాకపోతే బాగోదు. వెళ్ళిరా."

బయోడేటాలో చేయకూడని తప్పులన్నీ గిలాంగ్‌కు కంఠతా వచ్చు. పేజీ దాటకూడదు, లేని గొప్పలు రాయకూడదు, ఫోటోలో నవ్వీ నవ్వనట్టుండాలి అని కాలేజీలో మాస్టారు చెబితే బుద్ధిగా విన్నాడు, అన్నీ పాటించాడు. కాకపోతే జిరాక్సు కొట్టు కంప్యూటర్లో వాస్కితో అనే స్నేహితుడి బయోడేటా కనిపించింది. అమరిక ముచ్చటగా ఉందని దానిమీదే తన పేరు, ఊరు, చదువు దిద్దుకుంటూ వచ్చాడు. అడుగున ఒక్క వరస మిగిలి ఉండగా వెనక నిలబడ్డవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. మర్యాదస్తుడు కనుక దాన్ని అలాగే ప్రింటు తీసుకుని, లేచి చోటిచ్చాడు.

ఇంటర్వ్యూలో పాక్ హర్యోనో కళ్ళజోడు పెట్టుకుని, ముందే పంపిన ఆ కాగితాన్ని అడుగు నుంచి చదవడం మొదలుపెట్టాడు. అక్కడే ఆగిపోయాడు.

"అభిరుచులు: పాడే పిట్టల పెంపకం, పిట్టల పోటీలకు న్యాయనిర్ణేత" అని గట్టిగా చదివి, కళ్ళజోడు తీసేశాడు. "ఎన్నాళ్ళబట్టి, బాబూ?"

అది గిలాంగ్ చెరపకుండా వదిలేసిన వాస్కితో వరస. ఈ వరస నాది కాదంటే మిగతా వరసలు మాత్రం నీవేనా అని అడగడూ? పొట్లాలు కొన్నవాళ్ళందరి మొహాలూ కళ్ళముందు తిరిగాయి.

"ఏదో, కొద్దిగానండి."

"బాగా తెలిసినవాళ్ళంతా ఇదే మాటంటారు. లే, పెరట్లోకి పద."

పెరటి చూరుకి వేలాడుతూ నగిషీలు చెక్కిన టేకు పంజరం, అందులో పొడుగు తోక మురై పిట్ట. దాని పేరు సెనోపతి, అంటే సేనాపతి. ఆ సేనాపతి నెల్లాళ్ళుగా నోరు విప్పడం లేదు. ఆదివారం పిట్టల పాటల పోటీ ఉంది.

గిలాంగ్‌కు తెలిసిన పక్షి కోడి ఒక్కటే, అదీ కూరలో. పిట్ట వైపు చూశాడు. పిట్ట అతని వైపు చూసింది. "దీనికి మనసు బాగాలేనట్టుందండి" అన్నాడు.

"చూశావా, నేనూ అదే అంటే మా ఆవిడ నవ్వింది. పూటకి అయిదు కీచురాళ్ళు పెడుతున్నా. ఎక్కువంటావా?"

"ఎక్కువేనండి."

"మొన్నెవడో తక్కువన్నాడు."

"అంటే, మనసు బాగాలేని పిట్టకి ఎక్కువండి. బాగుంటే తక్కువే."

పాక్ హర్యోనో ముగ్ధుడైపోయి ఫోను తీశాడు. "ఒరేయ్, మన ఫ్యాక్టరీకి న్యాయనిర్ణేత వచ్చాడు. మీ పిట్టలు తెచ్చుకోండి" అని స్నేహితులందరికీ చెప్పాడు. చూస్తుండగానే మోటారుసైకిళ్ళ మీద గుడ్డ కప్పిన పంజరాలు దిగాయి. బట్టలారేసే తీగ మీద పిట్టలు వేలాడాయి. ఎండలో అప్పడాలు తిరగేసే ఆడవాళ్ళు పని వదిలేసి వచ్చి గోడవార నిలబడ్డారు.

"నా పిట్ట గొంతు మెత్తగా ఉంది కదూ?" అన్నాడొక పెద్దాయన.

"మెత్తనేనండి."

"మెత్తనని తప్పు పడుతున్నావా?"

"లేదండి, మెత్తన మంచిదే."

"మరి మాది గట్టిగా ఉందిగా" అన్నాడు పక్కాయన. "మాది చెడ్డదనా?"

మాటా మాటా పెరిగి, కాలర్లు పట్టుకునేదాకా వచ్చింది. "ఇంత గొడవెందుకు, న్యాయనిర్ణేతనే తేల్చమందాం" అంటూ పాక్ హర్యోనో గిలాంగ్ చేతిలో చిన్న ఎర్రజెండా పెట్టాడు. ఏ పంజరం కింద జెండా పాతితే ఆ పిట్టది గెలుపు. పిట్టలన్నీ ఒక్కసారిగా పాట ఎత్తుకున్నాయి. గిలాంగ్ చెవులకు అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, సెనోపతి పంజరం వైపు నుంచి వచ్చే పాట తప్ప. అది తెంపు లేకుండా, కమ్మగా సాగుతోంది. యజమాని పిట్టే గెలిస్తే ఉద్యోగానికీ మంచిదే. వెళ్ళి దాని కింద జెండా పాతాడు.

గోడవార నిలబడ్డ ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు.

"బాబూ" అన్నాడు పాక్ హర్యోనో నీరసంగా. "అది పిట్ట కాదు, నా ఫోను. వింటూ మళ్ళీ పాడుతుందేమోనని రికార్డు పెట్టి పంజరం వెనకాల కట్టాను. ఆ తేడా చిన్నపిల్లలక్కూడా తెలుస్తుంది."

గిలాంగ్ తల దించుకున్నాడు. "ఆ వరస నాది కాదండి. స్నేహితుడి బయోడేటా మీద నాది రాసుకున్నా, అది చెరపడం మరిచిపోయా. మొదట్లోనే చెప్పాల్సింది. చదువూ మార్కులూ మాత్రం నావేనండి. వెళ్ళొస్తాను."

"ఆగు" అంది వెనక నుంచి ఒక గొంతు. పాక్ హర్యోనో భార్య, బు లస్త్రి. ఫ్యాక్టరీ ఆవిడకు పుట్టింటివాళ్ళిచ్చింది. జీతాల మీద సంతకం ఆవిడదే. ఒక చేతిలో ఒకవైపే ఎండి వంకర తిరిగిన అప్పడం ఉంది.

"పిట్టల గురించి నీకేమీ తెలీదా?"

"తెలీదండి."

"ఒట్టు?"

"ఫోను పాటకి బహుమతిచ్చానండి. ఇంతకంటే రుజువేముంది?"

"పోనీ, నేర్చుకోవాలని ఏమైనా ఉందా?"

"ఇవాళ్టితో లేదండి."

బు లస్త్రి భర్త వైపు తిరిగింది. "ఇతని మార్కులు చూసి ముందే తీసుకుందామనుకున్నా. ఆ ఒక్క వరస చూసి భయపడి పక్కన పడేశా. ఇంట్లో ఉన్న ఒక్క పిట్టల మనిషితోనే అప్పడాలు ఇలా తగలడుతున్నాయి, ఇద్దరైతే ఫ్యాక్టరీ మూసుకోవాల్సిందే. నేను పడేసిన కాగితాల్లోంచి మీరు ఏరుకొచ్చారు కాబట్టి సరిపోయింది." మళ్ళీ గిలాంగ్‌తో అంది: "ఇవాళ్టినుంచే చేరిపో. ముందు ఈ సంత ఖాళీ చేయించు."

గుమాస్తాగా గిలాంగ్ చేసిన మొదటి పని పంజరాలను ఎవరివి వాళ్ళకు అప్పగించడం. అందులో రెండు తారుమారు చేశాడు, దాంతో బు లస్త్రికి అతని మీద నమ్మకం పూర్తిగా కుదిరింది.