లిఫ్టాయనకి కృతజ్ఞతలతో

ఆ పొద్దున ఆ ఇంటివాళ్ళు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి కోడలికి ఫోనొస్తుంది. ఆమె గదిలో తలుపేసుకుని మాట్లాడుతుంది. మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. ఇందులో కష్టమైంది మూడోదేనని అత్తగారికి బాగా తెలుసు. అందుకే ఆవిడ ముందుజాగ్రత్తగా కాలింగ్ బెల్ ఆపేసి, కుక్కర్ పొయ్యి మీంచి దించేసి, ఫ్రిజ్ గురగురలాడుతోందని దాని ప్లగ్గు కూడా పీకేశారు.

ఆ ఫోను ఒక లిఫ్టుల కంపెనీ నుంచి. ఎక్కడ లిఫ్టు ఆగిపోయిందో ఫోన్లో విని, మెకానిక్కుల్ని అక్కడికి పంపించే ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పెళ్ళికి ముందు కోడలు అలాంటి పనే చేసేది. ఆ తర్వాత పాప, పాప బడి, మామగారి కంటి ఆపరేషను, అత్తగారి మోకాళ్ళు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడి, పదేళ్ళు ఎటు పోయాయో తెలియలేదు. "నాకంటూ ఒక కుర్చీ ఉండాలనిపిస్తోందండీ" అని ఆమె ఒకరోజు భర్తతో అంది. గోడవతల విన్న అత్తగారు మర్నాడే పేపర్లో ప్రకటన కత్తిరించి తెచ్చి కోడలి చేతిలో పెట్టారు. ఇలాంటి అత్తగారు దొరకడం పూర్వజన్మ సుకృతమని కోడలు అనుకుంది. ఇంటర్వ్యూలో ఒక్క నిమిషం తప్ప ఆ అభిప్రాయం ఎన్నడూ మారలేదు.

ఆ నిమిషం ఎలా వచ్చిందంటే, ఆ ఇంట్లో ఫోనుని చెవికి ఆనించుకునే అలవాటు లేదు. మామగారికి కాస్త చెవుడు. అందుకని ఎవరికి ఫోనొచ్చినా స్పీకర్ పెట్టడం, ఇంటిల్లిపాదీ వినడం, తోచినవాళ్ళు జవాబు చెప్పడం ఆచారమైపోయింది. కోడలు కంగారులో అలవాటు కొద్దీ స్పీకర్ నొక్కేసింది. తలుపవతల అత్తగారు, మామగారు, భర్త ముగ్గురూ చెవులు రిక్కించారు.

మొదట్లో అంతా బాగానే సాగింది. ఆఫీసరు గొంతు పొడిగా ఉంది గాని మర్యాదగానే అడిగాడు. చివర్లో, "మీలో ఉన్న లోపం ఒకటి చెప్పండి" అన్నాడు.

కోడలు ఊపిరి పీల్చుకునేలోగా తలుపవతల నుంచి అత్తగారి గొంతు ఖంగున మోగింది. "దానికి ఎవర్నీ కాదనడం రాదండీ! అదొక్కటే లోపం! మిగతాదంతా బంగారం!"

"నువ్వూరుకోవే! ప్రశ్న దాన్నడిగారు!" అన్నారు మామగారు, అంతకంటే గట్టిగా.

"ఎవరండీ వాళ్ళు?" అన్నాడు ఆఫీసరు.

"మా అత్తగారూ మామగారూనండీ."

"సరే. రేపటిలోగా చెప్తాం" అని పెట్టేశాడు.

కోడలు బయటికొచ్చేసరికి అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకుని ఉన్నారు. "నా నోరు పడిపోనూ! నీ నోటి దగ్గర కూడు పడగొట్టానే అమ్మాయ్" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. కోడలికి కోపం రావాల్సిందే. కానీ ఆవిడ మొహం చూశాక రాలేదు.

"ఏం పర్లేదు. ఇంటర్వ్యూ అయ్యాక థాంక్స్ చెప్తూ మెసేజి పెట్టాలట. దాంతో సర్దుకుంటుంది" అన్నాడు భర్త, ఆ రోజు సెలవు పెట్టుకుని మరీ ఇంట్లో ఉన్నవాడు.

"ఆఫీసరు నంబరు నేను ఎక్కించేశాగా" అన్నారు మామగారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఫోన్లో ఎవరి పేరూ రాయనివ్వరు. "పేరు మర్చిపోతాం, పని మర్చిపోం" అని ఆయన సిద్ధాంతం. కాబట్టి ఆ ఇంటి ఫోన్లలో పాలు, గ్యాసు, కుళాయి, పళ్ళ డాక్టరు మాత్రమే ఉంటారు. ఆఫీసరుని ఆయన కోడలి ఫోన్లో 'లిఫ్టు' అని చేర్చారు. తీరా చూస్తే అక్కడ ఒక 'లిఫ్టు' అప్పటికే ఉంది. వాళ్ళ బిల్డింగు లిఫ్టు మూడు వారాలుగా పాడైపోయి ఉంటే, కోడలు రోజూ ఫోన్ చేస్తున్న మెకానిక్కు అతను. హాజరుపట్టీలు దిద్దిన చెయ్యి ఊరుకుంటుందా? ఒకే పేరు రెండుసార్లు ఉండకూడదని ఒకదాన్ని కొట్టేసి, మిగిలినదాన్ని అందరి ఫోన్లలోకీ ఎక్కించారు. పాతది పోయిందనుకున్నారు. పోయింది ఆఫీసరు నంబరు.

కోడలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని మెసేజి రాసింది. "నమస్కారమండీ. మీ విలువైన సమయాన్ని నాకోసం కేటాయించినందుకు కృతజ్ఞతలు. మీరు మాట్లాడిన తీరు మరిచిపోలేను. మీ కబురు కోసం ఎదురుచూస్తూ ఉంటాను."

అవతల మెకానిక్కు ఆ మెసేజి చదివి ఉలిక్కిపడ్డాడు. కిందటిసారి ఈవిడ ఫోన్ చేస్తే "ఊరికే నస పెట్టకండమ్మా" అని ఠక్కున పెట్టేసింది అతనే మరి.

చదివినట్టు ఫోన్లో గుర్తు వచ్చింది గాని జవాబు రాలేదు. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక అత్తగారు వంటింట్లోకి పోయి, ఎవరికీ చెప్పకుండా గొంతు రికార్డు చేసి పంపారు. "అయ్యా, తప్పంతా నాదే. మా కోడలిది భూదేవంత ఓపిక. నా మోకాళ్ళు సహకరించక నాలుగంతస్తులు దిగలేకపోతున్నాను గానీ, లేకపోతే ఈపాటికి మీ ఆఫీసుకే వచ్చి కూర్చునేదాన్ని. మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి."

సాయంత్రం మామగారు కళ్ళజోడు తుడుచుకుని తన వంతు పూర్తిచేశారు. "మహాశయా, తమరి కర్తవ్యదీక్షను ప్రశంసిస్తూ తమ పై అధికారులకు ఒక లేఖ రాయదలచాను. తమ ఉద్యోగ హోదా తెలుపగలరు." ఇక కొడుకు ఒక్కడే ఎందుకు మిగలాలి? "సార్, మా ఆవిడ విషయం కాస్త చూడండి. రేపు నేనే స్వయంగా వచ్చి మిమ్మల్ని కలుస్తాను" అని పంపాడు.

మర్నాడు పొద్దున్నే తలుపు దబదబా బాదిన చప్పుడైంది. కాలింగ్ బెల్ ఇంకా ఆపేసే ఉంది. కోడలు తలుపు తీస్తే, ఎదురుగా గ్రీజు చేతులు జోడించి మెకానిక్కు. అతని వెనక లిఫ్టు తలుపులు తెరుచుకుని ఉన్నాయి, లోపల దీపం వెలుగుతోంది.

"నడుస్తోందమ్మా. ఇంక మీ ఇంటిల్లిపాదీ శాంతించండి" అన్నాడు. "మా ఆవిడకి వినిపిస్తే, 'వీళ్ళెవరో తిట్టకుండా తిడుతున్నారు, ముందు వెళ్ళి ఆ పని చూడు' అంది. ఎంతోమంది బండబూతులు తిట్టారు గానీ, ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు."

అతను తన ఫోను చూపించాక అసలు సంగతి బయటపడింది. అందరూ మామగారి వైపు చూశారు. ఆయన ఏమీ వినపడనట్టు కిటికీలోంచి బయటికి చూశారు. రేపటిలోగా అన్న రోజు ఇదే. ఆఫీసరుకి ఒక్క మాటా అందలేదు, అతని చెవిలో మిగిలింది అత్తగారి కేక ఒక్కటే. ఉద్యోగం పోయినట్టేనని కోడలికి ఏడుపొచ్చింది.

అంతలో అత్తగారు చెప్పులేసుకుని లిఫ్టులోకి నడిచారు. మూడు వారాల తర్వాత మొదటిసారి గడప దాటుతున్న ఆవిడ చిన్నపిల్లలా నవ్వుతూ కిందికి వెళ్ళిపోవడం చూసి, కోడలు తన బాధ పక్కన పెట్టింది. మెకానిక్కుని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. "మీకు చాలా థాంక్సండీ" అంది.

అతను కప్పుతో సహా లేచి నిలబడ్డాడు. "మళ్ళీ మొదలెట్టారా!"

"ఇవి నిజం థాంక్సేనండీ. మా అత్తగారిని చూశారుగా."

అతను మెల్లగా కూర్చున్నాడు. "ఈ పనిలో కాఫీ ఇచ్చినవాళ్ళే లేరమ్మా" అని, కప్పు ఖాళీ చేసి, పని అయిందని చెప్పడానికి ఆఫీసుకి ఫోన్ కలిపాడు. ఆ ఇంటి గాలి సోకిందేమో, స్పీకర్ పెట్టాడు.

"ఆ బిల్డింగుకి వెళ్ళావా? నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా కదల్లేదు కదయ్యా!" అంది ఒక పొడి గొంతు. కోడలు ఆ గొంతుని గుర్తుపట్టి బిగుసుకుపోయింది.

"ఇక్కడొకావిడ కృతజ్ఞతలు చెప్పారు సార్. అది తట్టుకోలేక వచ్చేశాను" అంటూ మెకానిక్కు మొదలుపెట్టి, మెసేజిలన్నీ చదివి వినిపించాడు. ఆఫీసరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "ఎవరయ్యా ఆవిడ? ఒకసారి ఇవ్వు."

"నమస్కారమండీ. నిన్న మీరు ఇంటర్వ్యూ చేసింది నన్నేనండీ. ఆ మెసేజిలు మీకు రాసినవే" అంది కోడలు, సిగ్గుతో చితికిపోతూ.

"నిజం చెప్పాలంటే నిన్ననే మీ పేరు పక్కన పెట్టేశానమ్మా. ఇంతమంది మధ్య మీరు ఫోనేం మాట్లాడతారులే అనుకున్నాను. ఇక్కడ అరిచేవాళ్ళు చాలామంది పనిచేసి వెళ్ళిపోయారు, ఒక్క మెకానిక్కూ కదల్లేదు. మీ థాంక్సుకి మాత్రం ఇతను పరుగెత్తుకొచ్చాడు. సోమవారం నుంచి రండి."

కోడలు ఫోను మెకానిక్కు చేతికిచ్చి అందరి వైపూ చూసింది. తలుపవతల నుంచి కేకేసిన అత్తగారు, నంబరు కొట్టేసిన మామగారు, మెసేజి పెట్టమన్న భర్త, భయపడి వచ్చిన ఈ మనిషి, వీళ్ళలో ఏ ఒక్కరు లేకపోయినా ఈ కుర్చీ తనది కాదు. అదే మాట అందరికీ వినపడేలా పైకే అంది, కిందినుంచి లిఫ్టులో తిరిగొచ్చిన అత్తగారి చెయ్యి పట్టుకుని మళ్ళీ అంది.

ఇప్పుడు ఆ కంపెనీ మెకానిక్కులు తిట్లకు బెదరరు గాని, ఆమె నుంచి 'ముందుగానే ధన్యవాదాలు' అని మెసేజి వస్తే మాత్రం కంచం ముందు నుంచి లేచి పనికి పరుగెత్తుతారు.