చూద్దాంగారి కారు

ఆ ఆదివారం ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. పది గంటలకి భార్యాభర్తలిద్దరూ నాలుగు వీధుల అవతల ఉన్న కాంపౌండరుగారింటికి నడిచి వెళ్ళాలి, ఆయన అమ్మదలచిన చిన్న కారుని ఒకసారి చూడాలి, నచ్చితే తాళాలు పుచ్చుకుని అందులోనే ఇంటికి తిరిగి రావాలి. అంతే. మనుషుల కొంపలు ముంచేవి ఎప్పుడూ ఇలాంటి చిన్న పనులే.

భర్తది కళ్ళద్దాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. తయారై వచ్చిన అద్దాన్ని దీపానికి అడ్డంపెట్టి, అటూ ఇటూ వంచి చూసి, గీత ఉన్నదాన్నీ బుడగ ఉన్నదాన్నీ మారుమాట లేకుండా పక్కనున్న డబ్బాలో పడేయడమే ఆయన పని. అద్దాలకి నోరు లేదు కాబట్టి ఉద్యోగం హాయిగా సాగిపోయేది. నోరున్నవాళ్ళకి మాత్రం ఆయన పుట్టి బుద్ధెరిగిన తర్వాత 'వద్దు' అని చెప్పిన పాపాన పోలేదు. వద్దు అనవలసిన చోటల్లా 'చూద్దాం' అంటాడు. ఆయన లెక్కలో ఆ మాటకి ససేమిరా అని అర్థం. వినేవాళ్ళ లెక్కలో 'తప్పకుండా, ఎప్పుడు రమ్మంటారు?' అని. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని చాటుగా చూద్దాంగారు అనుకునేవారు. ఎదురుగా కూడా అలా పిలవచ్చా అని ఒకాయన అడిగితే 'చూద్దాం' అన్నాడు. ఇంకేముంది, ఆ పేరే స్థిరపడిపోయింది.

ఇప్పుడు కారెందుకంటే, దానికో కథ ఉంది. ఊళ్ళో ఉన్న ఫ్యాక్టరీని ఊరవతలికి, అక్కణ్ణించి ఇంకా అవతలికి మార్చారు. రెండు బస్సులు మారి, రెండో బస్సు కోసం ఎండలో నిలబడి, చూద్దాంగారు ఇల్లు చేరేసరికి చీకటి పడేది. ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు, అదీ రాత్రి డ్యూటీ. ఆయన గేటు తీసే వేళకి ఆవిడ అక్కడ వార్డులో మందుల బండి తోస్తూ ఉండేది. ఒకే ఇంట్లో కాపురం చేస్తున్న ఇద్దరూ వారమంతా మూతలు పెట్టిన గిన్నెల ద్వారా మాట్లాడుకునేవారు. కూర ఎక్కువ ఉంటే ఆవిడకి ఆయన మీద ప్రేమగా ఉన్నట్టు, తక్కువ ఉంటే ఆలస్యంగా నిద్ర లేచినట్టు.

చూద్దాంగారికి పెళ్ళాం మీద బెంగగా ఉండేది. ఒకే కప్పు కింద ఉంటూ బెంగేమిటయ్యా అని నలుగురూ నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు. ఒంటరిగా భోంచేస్తూ, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూసి ఏదో ఒకటి చెప్పబోయి ఆగిపోయేవాడు. సొంత కారుంటే ఆవిడ డ్యూటీకి బయలుదేరడానికి గంట ముందే ఇల్లు చేరవచ్చు. ఆ గంట కోసమే ఈ కారు.

కొత్త కారు కొనే స్తోమత లేదు. పాతదే కావాలి. కానీ రోజూ అంత దూరం పోయి రావాలంటే పెట్రోలు తక్కువ తాగాలి, దారిలో అలిగి కూర్చోకూడదు, పాడైతే సామాను ఎక్కడపడితే అక్కడ దొరకాలి, చేతులు ఎక్కువ మారి ఉండకూడదు. ఇవన్నీ ఉన్న బండి ఏదో తెలుసుకుందామని ఆయన ముగ్గురిని సలహా అడిగాడు. సలహా అడిగితే సలహాతో ఊరుకునేవాళ్ళు ఈ భూమ్మీద ఉన్నారా? బావమరిది తన కారు తీసుకోమన్నాడు. మేడ మీద ఉండే ఇంటి ఓనరు తన కారు తీసుకోమన్నాడు. ఫ్యాక్టరీలో మేనేజరు తన కారు తీసుకోమన్నాడు. ఒకరు పిల్లనిచ్చిన ఇంటివాడు, ఒకరు ఇల్లిచ్చినవాడు, ఒకరు ఉద్యోగం ఇచ్చినవాడు. ముగ్గురికీ ఆయన ఒకే మాట చెప్పాడు, "ఆదివారం చూద్దాం" అని. అప్పటికి ఆదివారం చాలా దూరంలో ఉంది.

ఆ తర్వాత కాంపౌండరుగారి కారు సంగతి తెలిసింది. ఆసుపత్రిలో చూద్దాంగారి భార్యతో కలిసి పనిచేసి రిటైరైన మనిషి. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి తప్ప ఆ కారు ఇంకో దారి ఎరగదు. వేళకి మందు వేసినట్టు వేళకి ఆయిలు మార్చేవాడట. చూద్దాంగారికి ఆ మాట వినగానే మనసు కుదుటపడింది.

సరిగ్గా చెప్పులు వేసుకుంటుండగా వీధిలో హారన్ మోగింది. గోడలు అదిరాయి.

"బావా! తెచ్చేశా!" అంటూ బావమరిది గేటు ముందు దిగాడు. అతని వెనక లారీకి తమ్ముడిలా ఒక కారు నిలబడి ఉంది.

"ఏం తెచ్చావురా?" అంది అక్క.

"అదేంటక్కా, ఆదివారం చూద్దాం అన్నాడుగా బావ! మళ్ళీ ఎండలో మా ఇంటిదాకా ఎందుకని నేనే తీసుకొచ్చా. చూడు బావా, ఎక్కి కూర్చుంటే ఊరంతా కాళ్ళకింద ఉంటుంది."

భార్య భర్త వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మళ్ళీ ఆ మాటే అన్నారా? మా నాన్న నా సంబంధం గురించి అడిగినప్పుడు కూడా ఇదే అన్నారటగా!"

"అప్పుడు నిజంగానే చూడాలని అన్నానే," అన్నాడు ఆయన నొచ్చుకుంటూ.

ఆవిడ నవ్వాపుకుంది. ఆయన కారు చుట్టూ తిరిగాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? తల వంచి తలుపు మీద పడిన వెలుగుని చూశాడు. ఒకచోట వెలుగు తిన్నగా సాగక వంకర తిరిగింది. అంటే అక్కడ సొట్ట పడితే పూడ్చి రంగేశారన్నమాట. అద్దమైతే ఈపాటికి డబ్బాలో ఉండేది. ఇది బావమరిది.

"ఎలా ఉంది బావా?"

"చూద్దాం," అన్నాడు చూద్దాంగారు.

"రైట్! నడిపి చూద్దువుగాని, పద!"

ఇంతలో మేడమెట్ల మీద చప్పుడైంది. ఇంటి ఓనరుగారు తువ్వాలు భుజాన వేసుకుని దిగుతూ, "ఏమండోయ్, ఆదివారం వచ్చేసింది! నా బండి బయటికి తీస్తున్నాను, ఉండండి," అన్నాడు. పెరట్లో టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి నిద్రపోతున్న పొడుగాటి కారు ఒకటుంది. దాన్ని లేపడానికి ఆయన పావుగంట తంటాలు పడ్డాడు. అది దగ్గింది, తుమ్మింది, నల్లటి పొగ కక్కింది, గేటు దాకా వచ్చింది. సరిగ్గా గేటు మధ్యలో, సగం లోపలా సగం బయటా, ప్రాణం విడిచింది. అంతటితో ఇంటికీ వీధికీ మధ్య దారి మూసుకుపోయింది.

"బ్యాటరీ కాస్త నీరసించింది. అంతే, ఇంకేం లేదు," అన్నాడు ఓనరుగారు.

అప్పుడే మేనేజరుగారి కారు వీధి మలుపు తిరిగింది. నిగనిగలాడే కారు. దానికి ఉన్న జబ్బల్లా ఒకటే, పెట్రోలు బంకు కనిపిస్తే చాలు దాహం వేస్తుంది. ఆయన దిగి, లారీ తమ్ముడి పక్కన చేతులు కట్టుకు నిలబడ్డ బావమరిదిని చూసి, "మీరేనా బ్రోకరు? కమీషన్ నా దగ్గర అడక్కండి, ఈయనా నేనూ ఒకే ఫ్యాక్టరీ," అన్నాడు.

"బ్రోకరెవరండీ? నేను బావమరిదిని!"

"ఎవరికి?"

"కారు కొనేవాడికి!"

"అయితే మరీ మంచిది. మీ బావగారికి మీరే చెప్పండి, ఇది తీసుకోమని."

బావమరిది తాడెత్తున లేవబోయాడు. మధ్యలో ఓనరుగారు దూరి, "మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి, ముందు నా కారుకి ఒక చెయ్యి వేయండి," అన్నాడు. వేయక తప్పలేదు. అది కదిలితే గాని ఎవరి పనీ కాదు. బావమరిది ఎడమ పక్క, మేనేజరు కుడి పక్క, చూద్దాంగారు మధ్యలో. ముగ్గురూ వీధిలో నిలబడ్డచోటి నుంచే తోయడం మొదలుపెట్టారు. ముందు వైపు నుంచి తోస్తున్నారని, కారు మళ్ళీ పెరట్లోకి పోతోందని తెలియడానికి కొంతసేపు పట్టింది. అప్పుడు గోడ దూకి లోపలికి వెళ్ళారు. ఈసారి వెనక నుంచి తోశారు. ఓనరుగారు స్టీరింగు ముందు కూర్చుని "హా, ఇంకొంచెం, హా!" అంటూ వీధి మలుపు దాకా వెళ్ళి, తల బయటికి పెట్టి గర్వంగా చూశాడు.

"చూశారా! చుక్క పెట్రోలు ఖర్చు లేకుండా ఇంత దూరం వచ్చింది!"

చూద్దాంగారి జేబులో ఫోను మోగింది. కాంపౌండరుగారు. "ఏం నాయనా, వస్తున్నారా? నేను మధ్యాహ్నం మా అమ్మాయి వాళ్ళ ఊరు వెళ్ళిపోతున్నాను. ఈ లోపల ఎవరో ఒకరికి బండి అప్పజెప్పి పోవాలి. మీరు కాకపోతే వెనకింటాయన అడుగుతున్నాడు."

వస్తున్నానంటే ఇక్కడ ముగ్గురికీ కోపం. రానంటే ఆ గంట పోయింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో పెద్దవాళ్ళు సామెతలో చెప్పే పెట్టారు గాని, అది ఇక్కడ రాయదగ్గది కాదు. ఆయన రొప్పుతూ, చెమటలు కక్కుతూ, "చూ..." అనేలోగా భార్య ఫోను లాక్కుంది.

"బాబాయిగారూ, నేనండీ. మేం ఇక్కడ చిక్కుకుపోయాం. మీరే కాస్త బండి ఇటు తోలుకొస్తారా?"

కాంపౌండరుగారు వచ్చాడు. తెల్లటి చిన్న కారు, చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. చూద్దాంగారు దాని దగ్గరికి వెళ్ళిన తీరు చూసి భార్యకే ముచ్చటేసింది. తల వంచి తలుపుల మీద వెలుగు చూశాడు. ఎక్కడా వంకర లేదు. టైర్లు నాలుగూ సమానంగా అరిగాయి. కాళ్ళ కింది పట్టా ఎత్తి చూశాడు, తుప్పు లేదు. సైలెన్సరు వెనక చెయ్యి పెట్టి చూశాడు, మసి అంటలేదు.

"పెట్రోలు ఎంత తాగుతుందండీ?" అని అడిగింది మాత్రం మేనేజరు.

"తాగడమా! బంకులో కుర్రాళ్ళు మారిపోతుంటారు బాబూ, నేను మళ్ళీ వెళ్ళేసరికి," అన్నాడు కాంపౌండరుగారు.

మేనేజరు మెల్లగా తలుపు తీసి కూర్చున్నాడు. ఇంజను వేశాడు, చెవి పెట్టి విన్నాడు, ఆపాడు. ఆ దూరం ఆయనా రోజూ పోయి వచ్చేదే. ఆ బంకుల బాధ ఆయనా పడుతున్నదే. "అద్భుతంగా ఉందయ్యా. దీన్ని నేనే తీసేసుకుంటాను. నా కారు మీరు తీసుకోండి. మీకేం అభ్యంతరం లేదుగా?"

బావమరిది, ఓనరు, కాంపౌండరు అందరూ చూద్దాంగారి వైపే చూస్తున్నారు. భార్య మాత్రం చూడలేదు. ఆవిడ చూపు ఎక్కడో దూరంగా ఉంది, మొహం మాత్రం చిన్నబోయింది. ఆ గంట ఆవిడకీ కావాలని ఆయనకి ఆ క్షణాన తెలిసింది.

"చూ..." అన్నాడాయన. "చూడండి సార్... వద్దు."

"ఏమిటి?"

"వద్దు సార్! ఈ కారు నాకు కావాలి. మా ఆవిడ డ్యూటీకి వెళ్ళేలోగా నేను ఇంటికి రావాలి. మేమిద్దరం కూర్చుని మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో! మీ కారు వద్దు. ఒరేయ్ బావమరిదీ, నీ కారూ వద్దు, ఆ తలుపు సొట్టబోయిందిరా. ఓనరుగారూ, మీది కూడా వద్దండీ, నన్ను క్షమించండి!"

ఒకసారి మొదలైన తర్వాత ఆయన ఆగలేకపోయాడు. "మంచినీళ్ళు తాగుతారా?" అని కాంపౌండరుగారు కంగారుగా అడిగితే, దానికీ "వద్దు!" అన్నాడు.

పిడుగు పడుతుందని అందరూ ఎదురు చూశారు. ఏమీ పడలేదు. బావమరిది తల గోక్కుని, "ఈ ముక్కేదో ఫోన్లో అంటే సరిపోయేదిగా బావా. ఇక్కడిదాకా రావడానికే పావు ట్యాంకు తాగింది," అన్నాడు. ఓనరుగారు తన కారుని వెనక్కి ఎవరు తోస్తారా అన్న దిగులులో ఉన్నాడు. మేనేజరు కారు దిగి, తలుపు మెల్లగా వేసి, చూద్దాంగారిని ఎగాదిగా చూశాడు.

"తొందరగా ఇంటికి రావాలన్న మనిషి, మరి పొద్దుటి షిఫ్టుకి మారతారా అని నేను అడిగినప్పుడు ఏమన్నారు? చూద్దాం అన్నారు! మీరు వద్దంటున్నారనుకుని అది ఇంకొకరికి ఇచ్చేశాను! కారుకి మాత్రం ఆదివారం అని రోజు కూడా చెప్పారు గనకే నమ్మి వచ్చాను!"

"అయ్యో సార్! ఆ రోజు నేను సరేనన్నాను!"

"చూద్దాం అంటే సరేనా?"

"ఆ ఒక్కసారీ సరేనే సార్. మా ఆవిడతో ఒక మాట అనుకుని చెబుదామని..."

"ఫ్యాక్టరీ మొత్తం మీద మీ భాష నాకొక్కడికే అర్థమైందనుకున్నాను," అన్నాడు మేనేజరు, పూర్తిగా నీరుగారిపోయి. "ఆ షిఫ్టు తీసుకున్నాయన పొద్దున్నే లేవలేక చస్తున్నాడు. రేపట్నించి మీరే రండి."

అలా చూద్దాంగారికి ఒకే పూట కారూ దొరికింది, పొద్దుటి షిఫ్టూ దొరికింది. ఆ తెల్లకారు ఆయన్ని ఎక్కడా దారిలో దింపలేదు. గంట కోసం ఆశపడ్డ మనిషి ఇప్పుడు మధ్యాహ్నానికే ఇల్లు చేరేవాడు. ఆ వేళకి భార్య రాత్రి డ్యూటీ చేసి వచ్చి, ఒళ్ళెరక్కుండా నిద్రపోతూ ఉండేది. ఆవిడ్ని లేపకూడదని ఆయన చప్పుడు చేయకుండా టీ పెట్టేవాడు. చప్పుడు చేయకుండా టీ పెట్టడం ఆయనకి చేతకాదు. ఆవిడ లేచి వచ్చేది. ఎదురుగా కుర్చీలో కూర్చునేది. ఇన్నాళ్ళూ గిన్నెల మూతల కింద దాగిన మాటలన్నీ ఆయన ఒక్కొక్కటే బయటికి తీసేవాడు. ఆవిడ ఆవులింతలు ఆపుకుంటూ, నిజంగానే సంతోషంగా వినేది. ఆయన్ని చూస్తే ఇంత ఆనందంగా ఉన్న మనిషిని ఆవిడ ఎప్పుడూ చూడలేదనిపించేది.

రెండో వారం మధ్యలో ఒక మధ్యాహ్నం, కళ్ళు నులుముకుంటూ టీ కప్పు అందుకుని, ఆవిడ ఎంతో ప్రేమగా అంది: "ఏవండీ, కారుకి మాత్రం విశ్రాంతి వద్దా? అప్పుడప్పుడూ బస్సులో వస్తూ ఉండండి."