అత్తకు రెండు కొమ్ములు

ఆ ఉదయం కోడలు పెట్టుకున్నవి మూడే మూడు పనులు. పది గంటలకు ప్రచురణ ఆఫీసుకు వెళ్ళడం, తన బొమ్మల పుస్తకం నమూనా ప్రతి చూసి సంతకం పెట్టడం, భోజనం వేళకు ఇంటికి వచ్చెయ్యడం. ఇందులో అత్తగారు ఎక్కడా లేరు. కానీ అత్తగారు ఎనిమిదింటికే ఇస్త్రీ బట్టలు కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, చెప్పులు కూడా వేసుకుని గుమ్మం దగ్గర కుర్చీలో తయారుగా కూర్చున్నారు.

"మీరెందుకత్తయ్యా ఈ ఎండలో?"

"బావుంది! నా కోడలి మొదటి పుస్తకం నేను చూడొద్దూ? నాకెలాగూ ఏమీ రాదు. వచ్చినవాళ్ళు చేసింది చూడ్డమైనా రావాలి కదా."

"నాకేమీ రాదు" అనేది ఆవిడ ఊతపదం. పక్కింటావిడ పాడుతుంది, ఎదురింటావిడ కుడుతుంది, వియ్యపురాలైతే ఏకంగా కారే నడుపుతుంది. తనకేమొచ్చు? ఏమీ రాదు. ఈ మాట ఆవిడ బాధపడుతూ కూడా అనరు. ఎవరైనా ఇంటి నంబరు అడిగితే చెప్పినంత మామూలుగా అనేస్తారు.

చిత్రమేమిటంటే కోడలు రాసిన పుస్తకంలో కూడా సరిగ్గా అదే సంగతి. అందులో ఒక నత్త. కుందేల్లా పరుగెత్తలేదు, పిట్టలా ఎగరలేదు, కప్పలా గెంతలేదు. నాకేమీ రాదని ఏడుస్తుంది. చివరికి తనకు మాత్రమే వచ్చిన పని ఒకటుందని తెలుసుకుంటుంది. పిల్లలు ఎవరి విద్యను వాళ్ళు మెచ్చుకోవాలని దాని సారాంశం. వంటింటి కిటికీ అద్దం మీద పాకుతున్న నత్తను చూస్తూ, గిన్నెలు తోముతూ రాసింది. రాసింది అనకూడదు. చేతులనిండా సబ్బు నురగ ఉండటం వల్ల పక్కనున్న ఫోనుకు చెప్పింది, ఫోను రాసుకుంది.

కొంప మునిగింది అక్కడే. ఆ ఫోనుకు నత్తతో పరిచయం లేదు. అత్తతో బోలెడంత ఉంది. "అత్తయ్య మందులు", "అత్తయ్య కళ్ళజోడు", "అత్తయ్యకు చెప్పాలి" అని రోజుకు పదిసార్లు రాసి రాసి అలవాటు పడిన యంత్రమది. కోడలు నత్త అన్న ప్రతిచోటా అది ఎంతో వినయంగా అత్త అని వేసింది. పంపేముందు కోడలు రెండుసార్లు చదివింది కూడా. ఏం లాభం? రాసినవాళ్ళకు కాగితం మీదున్నది కనబడదు, మనసులో ఉన్నదే కనబడుతుంది. ఎంచక్కా పంపేసింది.

కథ చదివి సంపాదకురాలు మురిసిపోయింది. కుందేళ్ళనూ ఎలుగుబంట్లనూ అచ్చువేసి వేసి ఆవిడకు విసుగెత్తి ఉంది. వెంటనే ఫోను చేసింది.

"మీ అత్త అద్భుతంగా ఉందండీ!"

బస్టాపులో హారన్ల మధ్య నిలబడ్డ కోడలికి అది "మీ నత్త" అని వినబడింది.

"చాలా థాంక్సండీ. రోజూ వంటింట్లో చూస్తూనే ఉంటాను కదా."

"ఎంత దగ్గరగా చూశారండీ!"

"మరే! రెండ్రోజులు గాజు సీసాలో పెట్టి కూడా చూశాను. ఆకులు వేస్తే చాలు, నోరెత్తకుండా తింటూ కూర్చుంటుంది."

సంపాదకురాలు ఉలిక్కిపడింది. రచయితల చమత్కారాలు ఇలాగే ఉంటాయి కాబోలనుకుని పెద్దగా నవ్వేసింది. కోడలు కూడా నవ్వింది. వ్యవహారం అంతటితో ఖాయమైపోయింది.

ఆ తర్వాత కథ బొమ్మలాయన చేతికి వెళ్ళింది. ఆయనది ఒకటే నియమం, సగం పని ఎవరికీ చూపించడు. "అత్త ఫొటో ఒకటి కావాలి, మొహం స్పష్టంగా ఉండాలి" అని ఆయన కోడలి ఫోనుకు సందేశం పెట్టిన సమయానికి ఆమె స్నానం చేస్తోంది. ఫోను భర్త చేతిలో ఉంది. పుస్తకం తన తల్లికి అంకితమిస్తోంది కాబోలని అతనికి ఆనందం ముంచుకొచ్చింది. ఒకటి కాదు, పదకొండు ఫొటోలు పంపాడు. తనకు ముందే తెలిసిపోయిందంటే పెళ్ళాం ముచ్చట చెడుతుందని ఆ సందేశాన్ని ఆనవాలు లేకుండా చెరిపేశాడు. ఇంత తెలివిగా అతను ఏ పనీ చేసి ఎరగడు.

సరే, అత్తాకోడళ్ళు ప్రచురణ ఆఫీసు మెట్లెక్కారు. రెండో అంతస్తులో ఇరుకు గది, గోడల వెంబడి పుస్తకాల కట్టలు, కొత్త కాగితం వాసన. బల్ల వెనుక సంపాదకురాలు, పక్కన బొమ్మలాయన. అత్తగారు గడప దాటారో లేదో బొమ్మలాయన కుర్చీలోంచి చటుక్కున లేచాడు.

"అమ్మా! మీరా!"

"నేను నీకు తెలుసా బాబూ?"

"భలేవారే! రెండు నెలలు మీ మొహం తప్ప ఇంకోటి చూడలేదు. మా ఆవిడ అలిగింది కూడాను. ఆ ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ కుదరక నాలుగుసార్లు గీశానమ్మా."

అత్తగారు బుగ్గ తడుముకున్నారు. కోడలికి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేలోగా సంపాదకురాలు నమూనా ప్రతిని బల్ల మీద పరిచింది. అట్ట మీద సాక్షాత్తూ అత్తగారే. అదే కళ్ళజోడు, అదే ముడి, అదే పుట్టుమచ్చ. వీపు మీద పెంకుటిల్లు. తల మీద రెండు కొమ్ములు.

కోడలికి పైప్రాణాలు పైనే పోయాయి. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కసారి కూడా గొంతులు పైకి లేవలేదు. తొమ్మిదేళ్ళ మర్యాద ఈ ఒక్క పుస్తకంతో గంగపాలు అయ్యేలా ఉంది.

"అత్తయ్యా, ముందు మంచినీళ్ళు తాగి వద్దాం రండి."

"దాహం లేదమ్మా."

"ఇక్కడ గాలాడ్డం లేదు, కాసేపు బయట..."

"నెత్తి మీద ఫ్యాను తిరుగుతోందిగా! కదలకుండా కూర్చో." అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, పుస్తకం దగ్గరకు లాక్కుని, ఒక్కొక్క మాటా పైకి చదవడం మొదలుపెట్టారు. "'అత్త పరుగెత్తలేదు.' నిజమే. 'అత్త ఎగరలేదు.' అదీ నిజమే. 'అత్త వెళ్ళిన చోటల్లా జిగురు.'"

ఆ బొమ్మలో అత్త నడిచిన దారి పొడవునా పిల్లలు, పిల్లి, ఒక పాత గొడుగు అతుక్కుపోయి ఆవిడ వెంట వస్తున్నాయి. అత్తగారు పేజీ తిప్పారు.

"'ఉప్పు చూస్తే అత్తకు వణుకు.' ఏమమ్మాయ్, నా బీపీ సంగతి కూడా రాశావా?"

తర్వాతి పేజీ ఏమిటో కోడలికి కంఠతా వచ్చు. భూమి చీలితే బాగుండుననిపించింది. అది రెండో అంతస్తు కాబట్టి ఆ ఆశా లేదు.

"'అత్తకు రెండు కొమ్ములు,'" అని చదివి అత్తగారు ఆగారు. "'ఎవరు ముట్టుకున్నా లోపలికి పోతాయి.'" ఆవిడ బొమ్మలోని కొమ్ముల మీద వేలు పెట్టి చూశారు. "అత్తలకు కొమ్ములుంటాయని లోకమంతా అంటుంది. ముట్టుకుంటే లోపలికి పోతాయని ఇప్పటిదాకా ఎవరూ అనలేదమ్మా."

ఇంకో పేజీ తిరిగింది. "'అత్త ఇల్లంతా వీపు మీదే మోస్తుంది. మొయ్యమని ఎవరూ అడగలేదు. బరువని ఎవరికీ చెప్పదు. పరుగెత్తడం చాలామందికి వచ్చు. ఇల్లు మొయ్యడం అత్తకే వచ్చు.'" కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా గురించి ఇంత ఆలోచించావా అమ్మాయ్! నాకేమీ రాదనే అనుకున్నానే ఇన్నేళ్ళూ."

"మార్పులేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, పన్నెండింటికల్లా ప్రెస్సుకు వెళ్ళిపోవాలి," అంటూ సంపాదకురాలు కలం అందించింది.

సంతకం పెట్టి ఊరుకుంటే ఈ జన్మకు ఎవరికీ తెలియదు. కోడలు కలం పట్టుకుంది కూడా. కానీ ఆమె చూపు ఆ బొమ్మ మీదే నిలిచిపోయింది. అత్త మోస్తున్న ఇంటి కిటికీలోంచి ఒక అమ్మాయి బల్ల ముందు కూర్చుని రాసుకుంటూ కనబడుతోంది. బొమ్మలాయన ఊరికే సరదాకు గీసి ఉంటాడు. తను ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్న మూడు వారాలూ ఇల్లెలా నడిచిందో కోడలు ఎన్నడూ అడగలేదు. తిరిగొచ్చేసరికి నడుస్తూనే ఉంది. గిన్నెలు తోమే ఆ అరగంట తప్ప మిగతా పనంతా ఎవరు చేస్తే ఈ పుస్తకానికి తీరిక దొరికిందో కూడా ఆలోచించలేదు. కలం బల్ల మీద పెట్టేసింది.

"అత్తయ్యా, ఇది మీ గురించి కాదు. నేను చెప్పింది నత్త గురించి. ఫోను అత్త అని రాసింది. నేను చూసుకోలేదు. క్షమించండి."

బొమ్మలాయన కుర్చీలో కూలబడ్డాడు. సంపాదకురాలు మాత్రం గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయితే ఆ గాజు సీసాలో పెట్టింది..."

"నత్తనేనండీ!"

"అమ్మయ్య!"

అత్తగారు పుస్తకం మూసి, అట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. "అంటే నన్ను తలుచుకుని ఒక్క ముక్కా రాయలేదు?"

"లేదత్తయ్యా."

"నిజంగా?"

"నిజంగా."

"అయితే ఇదంతా నిజమే అయ్యుంటుంది," అన్నారావిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. "నన్ను చూసి రాసుంటే మొహమాటానికి పొగిడావనుకునేదాన్ని. నత్తను పొగిడితే నీకేం ఒరుగుతుంది? నన్ను తలుచుకోకుండా రాసినా నాకే కొలిచి కుట్టినట్టుందంటే, నాకేదో వచ్చనే కదా!"

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీకొచ్చు అత్తయ్యా. నాకే చూడ్డం రాలేదు. ఇన్నేళ్ళూ మీరు మోస్తుంటే లోపల హాయిగా కూర్చున్నాను. ఒక్కసారైనా థాంక్స్ చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పావుగా. ఏడవకు, పేజీలు తడుస్తాయి." అత్తగారు సంపాదకురాలి వైపు తిరిగారు. "ఒక్క మార్పుందమ్మా. ఆ ఉప్పు పేజీ తీసెయ్యండి. అది అచ్చయిందంటే ఇక ఎవరింటికి వెళ్ళినా నాకు చప్పిడి తిండే పెడతారు."

"మరి కొమ్ములు?" అడిగాడు బొమ్మలాయన భయం భయంగా.

"ఉండనీ బాబూ. బాగున్నాయి."

ఉప్పు పేజీ తప్ప పుస్తకం అలాగే వచ్చింది. గ్రంథాలయంలో పిల్లలకు దాన్ని చదివి వినిపించే పని అత్తగారిదే. కొమ్ములు చూపించమని పిల్లలు మీదపడితే, "ఇప్పుడే ఎవరో ముట్టుకున్నార్రా, లోపలికి పోయాయి," అంటారు. మొదటి పేజీలో అత్తయ్యకు కృతజ్ఞతలని అచ్చయింది, ఈసారి కోడలు ఒక్కో అక్షరం చేత్తో రాసిచ్చింది. ఇదంతా తను పంపిన పదకొండు ఫొటోల పుణ్యమేనని భర్త అందరికీ చెబుతున్నాడు.

నత్త వైపు నుంచి మాత్రం ఇంతవరకూ ఏ అభ్యంతరమూ రాలేదు.