కావాలనే ఖాళీగా ఉంచిన ఏడో చాప్టర్

ప్రజాసేవ చరిత్రలో ఇంతవరకు ఎవరూ తలపెట్టని ఘనకార్యం ఒకటి ఏప్రిల్ నెల రెండో గురువారం ఉదయం పదకొండున్నరకు, హైటెక్ సిటీలోని ఒక పెద్ద హోటల్ మూడో అంతస్తులో, ఏసీ కొంచెం ఎక్కువైన హాల్లో జరిగింది. జననేత సురేంద్ర గారు తనను తాను ఫ్రాంచైజీకి ఇచ్చేశారు.

"కాఫీ కొట్టుకు నూరు బ్రాంచీలుండాయి. చెప్పుల షాపుకు నూరు బ్రాంచీలుండాయి. జనానికి సేవ చేసే నాకు మాత్రం ఒకటే ఆఫీసా? ఇది న్యాయమేనాప్పా?" అని ఆయన మైకులో అడిగారు.

ఇది అన్యాయమని హాల్లో ఎవరికీ అంతకుముందు తట్టలేదు. ఇన్నాళ్లూ తట్టనందుకు సిగ్గుపడి అందరూ చప్పట్లు కొట్టారు.

సురేంద్ర గారు అనంతపురం వైపు నుంచి వచ్చి, ఇక్కడ వెంచర్లు వేసి, ఆ తర్వాత ప్రజల్లోకి దిగినవారు. పార్టీ ఇన్‌చార్జిగా రెండు ఎన్నికల్లో పోటీ చేసి, రెండుసార్లూ ఎదుటివారికి గెలిచే అవకాశం ఇచ్చిన ఉదారుడు. మూడోసారి టికెట్ తనకే ఇవ్వాలంటే ఏదో ఒక కొత్తదనం చూపించమని పార్టీ పెద్దలు అడిగారు. ఆ కొత్తదనం పేరు 'జనహితం 360'. నిజాంపేట నుంచి కోకాపేట దాకా ఇరవై నాలుగు సెంటర్లు. ఏ సెంటర్‌కు వెళ్లినా అదే నమస్కారం, అదే చిరునవ్వు, అదే హామీ. నాణ్యతలో వెంట్రుకవాసి తేడా ఉండదు. ఎందుకంటే అన్నిటికీ ఒకటే ఆపరేషన్స్ మాన్యువల్ ఉంటుంది.

చివరి వరస వెనక, నీళ్ల సీసాల పెట్టెల పక్కన నిలబడి ఇదంతా విన్న మొగిలికి ఒక్క ముక్క అర్థమైంది. తన పని ఇకమీదట పుస్తకంలో రాస్తారు.

మొగిలి సురేంద్ర గారి ఆఫీసులో పందొమ్మిదేళ్లుగా ఉన్నాడు. పదవి పేరేమిటో ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. అర్జీలు పట్టుకుని వచ్చినవాళ్లు లోపల సార్‌ను చూసి, ఫోటో దిగి, బయటికొచ్చి మొగిలి బల్ల దగ్గర ఆగేవారు. మొగిలి తన బటన్ల ఫోను తీసి ఎవరికో రెండు మాటలు చెప్పేవాడు. నాలుగైదు రోజుల్లో నల్లాలో నీళ్లొచ్చేవి, లైటు వెలిగేది. సార్ చేయించారని జనం అనుకునేవారు. సార్ కూడా అలాగే అనుకునేవారు.

మాన్యువల్ రాయడానికి రమ్య అనే అమ్మాయి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో యంత్రాలకు మాన్యువళ్లు రాసేదట. ఇప్పుడా మాన్యువళ్లు కూడా యంత్రమే రాసుకుంటోందని కంపెనీ ఆమెను పంపేసింది. మూడు వారాలు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మొగిలి బల్ల పక్కనే కూర్చుంది.

"డ్రైనేజీ సెక్షన్ సంతోష్ గారికి ఫోన్ చేసినప్పుడు ముందు ఏం చెబుతారండి?" అని అడిగింది.

"ఏం జెప్త మేడం. ముందుగాల వాళ్ల అవ్వ మోకాలు ఎట్లుందని అడుగుత."

"ఆ తర్వాత పని చెబుతారా?"

"లే. ఆమె సంగతి ఆయన మొత్తం జెప్పేదాంక ఇంట. నా పని ఆఖర్ల జెప్త. గప్పటికి ఆయనే అడుగుతడు, ఏంది మొగిలన్నా ఫోన్ జేసినవని."

"మరి ఆ మోకాలు తగ్గిపోతే?"

"తగ్గితే ఇంక మంచిదే గద మేడం!" అన్నాడు మొగిలి ఆశ్చర్యపోయి.

రమ్య ఆ రోజు చాలాసేపు టైపు చేసింది. ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎవరు ఏ పూట తీరిగ్గా ఉంటారు, ఎవరింట్లో ఎవరికి బాగాలేదు, ఏ అర్జీ ఏ బల్ల మీద ఆగిపోతుంది, అన్నీ కలిపి నలభై పేజీలు. దానికి 'ఏడో చాప్టర్: పని చేయించుట' అని పేరు పెట్టింది. తన బతుకు ఇంత పెద్దదని మొగిలికి అంతవరకు తెలియదు.

మాన్యువల్‌ను ఖరారు చేసే మీటింగులో సురేంద్ర గారు మొదటి ఆరు చాప్టర్లు చూసి కళ్లు తుడుచుకున్నారు. నిజంగానే అద్భుతంగా ఉన్నాయి. అర్జీని తొమ్మిది సెకన్లు చదవాలి, ఐదో సెకనులో కనుబొమ్మలు ముడవాలి. పరామర్శకు వెళ్లినప్పుడు పోయినవారి పేరు గుమ్మం బయట రెండుసార్లు మననం చేసుకోవాలి. భుజం మీద ఎడమచెయ్యే వెయ్యాలి, కుడిచెయ్యి కెమెరాకు అడ్డొస్తుంది. నీళ్లు సగం గ్లాసే ఇవ్వాలి, నిండు గ్లాసు ఇస్తే మనిషి తీరుబడిగా కూర్చుంటాడు. అన్నిటికన్నా గొప్పది ఆరో చాప్టర్, 'అధికారికి ఫోన్'. అర్జీదారుడి ఎదుటే ఫోను తీసి, అధికారిని నలభై సెకన్లు గట్టిగా మందలించాలి. ఫోను అంతకుముందే ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవాలి. ఇది సురేంద్ర గారు స్వయంగా కనిపెట్టిన పద్ధతి.

ఏడో చాప్టర్ మొదటి పేజీ తిప్పగానే ఆయన మొహం మారింది.

"ఏందమ్మా ఇది? మోకాలు, అవ్వ, షుగరు... ఇది మాన్యువలా, దవాఖాన చీటీనా?"

"పని జరిగేది ఇలాగేనండి. ఇది లేకపోతే సెంటర్‌లో ఏ పనీ అవ్వదు" అంది రమ్య.

సురేంద్ర గారు జాలిగా నవ్వారు. "పని అయిపోతే మళ్లీ ఎందుకొస్తారమ్మా జనం? వచ్చినోడు మళ్లీ మళ్లీ రావల్ల. అదమ్మా బిజినెస్సు."

ఆయన మిగతా ముప్ఫై తొమ్మిది పేజీలు చదవకుండానే కొట్టేశారు. ఏడు అనేది ఆయనకు అచ్చొచ్చిన అంకె కాబట్టి నంబరు మాత్రం ఉంచమన్నారు. అచ్చయిన పుస్తకంలో ఏడో చాప్టర్ ఒకే పేజీ. 'ఈ పేజీ కావాలనే ఖాళీగా ఉంచబడినది.' కింద సురేంద్ర గారి ఆమోద సంతకం. రమ్యను ఆ సాయంత్రమే శాలువా కప్పి పంపించారు.

మొగిలిని కోకాపేట సెంటర్‌కు వేశారు. పదవి పేరు మొదటిసారి వచ్చింది, గ్రీటర్. నమస్కారం పెట్టడం, టోకెన్ ఇవ్వడం. ఆ సెంటర్ తీసుకున్న భీమేశ్వరరావు గారు అంతకుముందు కర్రీ పాయింట్, దానికి ముందు అబాకస్ క్లాసులు నడిపిన అనుభవశాలి. మాన్యువల్ దిండు కింద పెట్టుకుని పడుకుంటారని చెప్పుకుంటారు.

జూన్ మొదటి వారంలో రేణుక వచ్చింది. టవర్లలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. వాటి వెనకున్న బస్తీలో ఉంటుంది. అంగన్‌వాడీ గుమ్మం ముందే మ్యాన్‌హోల్ మూత రెడీమిక్స్ కాంక్రీటు లారీ ఎక్కి పగిలిపోయింది. ఆమె కూతురు రోజూ ఆ గుంత పక్కనుంచే లోపలికి వెళ్లాలి.

"వానలు వడితే నీళ్లు నిండి గుంత కానరాదు సార్. పిల్లలు ఉరుక్కుంట వస్తరు" అంది రేణుక.

భీమేశ్వరరావు గారు తొమ్మిది సెకన్లు చదివారు. ఐదో సెకనులో కనుబొమ్మలు ముడిచారు. ఫోను తీసి, "ఏవండీ, పసిపిల్లలంటే మీకు లెక్కలేదా? ఇరవై నాలుగ్గంటల్లో అయిపోవాలండి!" అని గర్జించి పెట్టేశారు. రేణుక రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఫోటో తీశారు.

"వచ్చే గురువారం రండమ్మా, టోకెన్ తెచ్చుకోండి."

వచ్చే గురువారం వచ్చింది. ఆ పై గురువారమూ వచ్చింది. మూడోసారి కూతుర్ని కూడా ఎత్తుకుని వచ్చింది, ఆ పిల్ల మోకాలిదాకా బురద ఉంది. "అంచు మీద కాలు జారిందన్నా. అంగన్‌వాడీ ఆయమ్మ జడ వట్టుకొని గుంజింది, లేకుంటే..." అని మొగిలితో అంటూ పిల్ల కాలి బురదను కొంగుతో తుడిచింది. లోపల భీమేశ్వరరావు గారి కంప్యూటర్‌లో మాత్రం ఆమె పేరు ఎదురుగా పచ్చరంగు వెలిగింది. రిపీట్ విజిట్స్: మూడు. ఉత్తమ అర్జీదారు పోటీకి ఆమె అర్హత సంపాదించింది.

మొగిలికి ఒళ్లు మండింది. మెట్ల కిందకు వెళ్లి బటన్ల ఫోను తీశాడు.

"సంతోష్, అవ్వ మోకాలు ఎట్లుందే?"

ఆపరేషన్ చెయ్యాలన్నారట. ఏ దవాఖాన మంచిది, ఎన్ని రోజులు మంచం మీదుండాలి, మొగిలి అన్నీ విన్నాడు. చివర్లో మూత సంగతి చెప్పాడు. శుక్రవారం పొద్దున్నే సంతోష్ ఇద్దరు మనుషులతో వచ్చి బరువైన సిమెంటు మూత దించి, దాని మీద తానే రెండుసార్లు ఎగిరి చూసి వెళ్లిపోయాడు.

ఆ పై గురువారం రేణుక రాలేదు. కంప్యూటర్‌లో ఎర్రరంగు వెలిగింది. భీమేశ్వరరావు గారికి చెమటలు పట్టాయి.

"పని అయిపోయిందటండి! మన సెంటర్‌లో ఇలా ఎప్పుడూ జరగలేదండి!" అని ఆయన సురేంద్ర గారికి నిజం ఫోనులోనే మొరపెట్టుకున్నారు.

సురేంద్ర గారు గంటలో దిగారు. వెళ్లి మూతను చూశారు. చుట్టూ తిరిగి మళ్లీ చూశారు.

"నా పేరు యాడుందప్పా దీని మీద?"

బూటుకాలితో మూతను తట్టి చూశారు.

"నేను ప్రారంభించకనే మూత పడిందంటే, రేపు జనం నేను లేకపోయినా పనులవుతాయనుకుంటారు. ఇంతకంటే ప్రమాదం ఏముండాది?"

ఆ ప్రమాదాన్ని తప్పించడానికి శనివారం మూత ప్రారంభోత్సవం పెట్టారు. ప్రారంభించాలంటే మూత ముందు తెరిచి ఉండాలి కదా, దాన్ని తీసి పక్కన పెట్టారు. వ్యాన్‌లోంచి సురేంద్ర గారి నవ్వుమొహం అచ్చేసిన ఫైబర్ మూత దిగింది. ఒంటిచేత్తో ఎత్తగలిగినంత తేలిక. రిబ్బన్ కట్టారు, కత్తిరించారు, ఆయన దాన్ని గుంత మీద పెట్టి కెమెరా వైపు చూశారు. పాలరాతి శిలాఫలకం కూడా వచ్చింది. నిలబెట్టడానికి వెనక దన్ను లేకపోతే, సంతోష్ పెట్టిన సిమెంటు మూతనే గుంత ఒడ్డున నిలబెట్టి దానికి పలకను అతికించారు. 'ఈ మూతను జననేత శ్రీ సురేంద్ర గారి అమృత హస్తములతో ప్రజలకు అంకితం చేయడమైనది.'

చప్పట్లయ్యాక కుర్రాళ్లు ఫైబర్ మూతను తీసి వ్యాన్‌లో పెట్టారు.

"అయ్యో, అది గూడ తీస్కపోతున్నరేంది?" అని రేణుక అడ్డం వచ్చింది.

"నిజాంపేటలో పన్నెండున్నరకు ప్రారంభోత్సవం ఉందమ్మా" అన్నారు భీమేశ్వరరావు గారు. ఆయన తప్పు లేదు. మాన్యువల్ అరవై ఒకటో పేజీలో స్పష్టంగా ఉంది. తిరిగి తీసుకెళ్లవలసిన వస్తువులు: రిబ్బన్, కత్తెర, మూత.

ఆదివారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. మొగిలి గడ్డపార పట్టుకుని బస్తీకి వచ్చాడు. రేణుక, ఇంకో నలుగురు తల్లులు చీరకొంగులు దోపుకున్నారు. శిలాఫలకాన్ని వెనక్కి, గుంత మీదికి తొయ్యాల్సి వచ్చింది అంతే, తర్వాత అటూ ఇటూ కొంచెం జరిపితే మూత తన గాడిలో సరిగ్గా కూర్చుంది. పాలరాయి పైకి ఉంది. అంగన్‌వాడీకి వచ్చే చెప్పులన్నీ ముందు సురేంద్ర గారి పేరు మీద తుడుచుకుని లోపలికి వెళ్లడం సోమవారం నుంచి మొదలైంది. ఆ ఫోటో మంగళవారానికి ఫోన్లన్నిటికీ చేరింది. టికెట్ సంగతి తేల్చే పార్టీ పరిశీలకులు కోకాపేట మోడల్ సెంటర్‌ను చూడటానికి గురువారం వస్తున్నారు.

బుధవారం ఉదయం సురేంద్ర గారు ఆ రాయి తీయించడానికి మనుషుల్ని పంపారు. తల్లులు చీపుర్లు పట్టుకుని దాని మీదే కూర్చున్నారు. పిల్లల తల్లులను కొట్టినట్టు ఫోటో వస్తే ఇంకా నష్టం. డ్రైనేజీ సెక్షన్ నుంచి ఎవరైనా వచ్చి, ఇంకో మూత పెట్టి, ఈ రాయిని మర్యాదగా తీసుకెళ్లాలి. ఆ సెక్షన్‌లో ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇరవై నాలుగు సెంటర్లలో మొగిలికి తప్ప ఒక్కరికీ తెలియదు. సురేంద్ర గారు పరుగున కోకాపేట సెంటర్‌కు వచ్చారు. భీమేశ్వరరావు గారు చిరునవ్వు రిఫ్రెషర్ ట్రైనింగ్‌కు వెళ్లారు. బల్ల దగ్గర మొగిలి ఒక్కడే ఉన్నాడు.

"నమస్తె సార్. టోకెన్ తీసుకోన్రి."

"రేయ్ మొగిలీ, నేనురా!"

"ఎరుకే సార్. పదకొండో పేజీ. తెలిసినోళ్లకు గూడ టోకెనే."

సురేంద్ర గారు టోకెన్ తీసుకున్నారు. మొగిలి సగం గ్లాసు నీళ్లు ఇచ్చాడు. కాగితం మీద అర్జీ రాయించుకుని తొమ్మిది సెకన్లు చదివాడు. కనుబొమ్మలు ముడవడం మాత్రం అతనికి సరిగ్గా రాలేదు.

"అవన్నీ యాలరా! రేపు పరిశీలకులొస్తాండారు. నువ్వు ఎవురెవురికో ఫోన్ చేస్తాంటివి కదా, ఆ పద్ధతేందో చెయ్!"

"అది ఏడో చాప్టర్ల ఉంటుండె సార్." మొగిలి పుస్తకం తెరిచి ఆ పేజీ ఆయన ముందు పెట్టాడు. తెల్లకాగితం, కింద సంతకం. "మీరే కొట్టేసిన్రు."

సురేంద్ర గారు తన సంతకాన్ని తానే చాలాసేపు చూశారు.

"పరేషాన్ గాకున్రి సార్. మీ ముందలనే అధికారికి ఫోన్ జేస్త." మొగిలి బల్ల మీదున్న సెంటర్ ఫోను చెవికి పెట్టుకున్నాడు. "ఏమయ్యా, జననేత అంటె లెక్కలేదా నీకు? ఇరవై నాలుగ్గంటల్ల అయిపోవాలె!" నలభై సెకన్లు. మొగిలి గొంతు అంత పెద్దదని సురేంద్ర గారికి పందొమ్మిదేళ్లలో తెలియదు. ఆయన మనసు కుదుటపడింది. ఫోను కిందపెట్టాక దాని మూలన బుల్లి విమానం బొమ్మ కనబడింది.

ఆయన ఏదో అనబోయేంతలో మొగిలి చొక్కా జేబులో బటన్ల ఫోను మోగింది.

"ఆఁ, చెప్పు. అవ్వ మోకాలు ఎట్లుంది?... నడుస్తుందా? మస్తు మంచి మాట జెప్పినవ్... ఏం లేదు, పనేం లేదు. ఉత్తగనే."

"ఎవుర్రా అది, నేనీడ చస్తాంటే?" అని కసురుకున్నారు సురేంద్ర గారు.

"ఇంటి ముచ్చట సార్" అన్నాడు మొగిలి ఫోను జేబులో పెట్టుకుని, లేచి నిలబడి రెండు చేతులూ జోడిస్తూ. "వచ్చే గురువారం రాండ్రి. టోకెన్ తెచ్చుకోన్రి."