వదిలెయ్యండి సంఘం, మిర్యాలగూడ శాఖ

స్వరాజ్యలక్ష్మికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తాగడు, పేకాడడు, రాత్రి ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉంటాడు. కానీ పుస్తకం చదువుతాడు. అదైనా తను చదవడు, ఆమెచేత చదివించుకుంటాడు.

మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే రామ్మూర్తి, రెండువేల పది ఎండాకాలంలో హైదరాబాదు పెద్ద హోటల్లో జరిగిన ఒక సదస్సుకు వెళ్ళాడు. జీడిపప్పు ఉప్మా తిని, ఒక జనపనార సంచీ, ఒక ఇంగ్లీషు పుస్తకం ఉచితంగా తెచ్చుకున్నాడు. ఉచితాలు మనిషిని పాడుచేస్తాయన్నది ఆ పుస్తకం సారాంశం.

సూర్యాపేట కాలేజీలో బి.ఏ. చదివిన పాపానికి స్వరాజ్యలక్ష్మి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ దాన్ని తెలుగులో చెప్పుకొచ్చింది. ప్రభుత్వం పోలీసును, కోర్టును, సైన్యాన్ని చూసుకోవాలి. మిగతా దేంట్లోనూ వేలు పెట్టకూడదు. పేదరికం సంగతి పేదవాళ్ళే చూసుకుంటారు. ఇంతవరకు బాగానే నడిచింది. మధ్యలో పేజీకోసారి 'లెసే ఫేర్' అని ఒక ఫ్రెంచి మాట తగిలేది. పొయ్యి మీద కూర అడుగంటుతుండగా రామ్మూర్తి దాని అర్థం అడిగాడు.

"వదిలెయ్యండి" అందామె.

అది ఆ మాటకు అర్థమో, పుస్తకం గురించి సలహానో ఆయన అడగలేదు. పదిరోజులు తిరక్కుండా మిల్లు గేటు మీద బోర్డు లేచింది: "వదిలెయ్యండి సంఘం, మిర్యాలగూడ శాఖ. అధ్యక్షులు: రామ్మూర్తి."

ప్రారంభోత్సవం ప్రభుత్వ అతిథిగృహంలో పెట్టారు, అక్కడ కిరాయి ఉండదు కాబట్టి. జ్యోతి వెలిగించవలసిన అధికారి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఆయన రానిదే ప్రభుత్వ జోక్యాన్ని ఖండించడం బాగుండదని అందరూ ఓపిగ్గా కూర్చున్నారు. "మిత్రులారా! కిలో రెండు రూపాయల బియ్యం పేదవాడి వెన్నెముకను విరిచేస్తున్నది!" అని రామ్మూర్తి గర్జించాడు. ఆ బియ్యం ఎవరి మిల్లుల్లో ఆడించి సర్కారుకు అమ్మారో అడగడం సభామర్యాద కాదు కనుక ఎవరూ అడగలేదు. మిల్లర్లు చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టారు.

సంస్కరణ ఇంటి నుంచే మొదలవ్వాలని పెద్దలంటారు. రామ్మూర్తి మిల్లు నుంచి మొదలుపెట్టాడు. వడ్లు ఆరబోసే కళ్లంలో పొద్దుగూకాక పగుళ్ళలో చిక్కిన గింజలు, రాళ్ళూ మట్టీ కలిసినవి, ఊడ్చిన ఆడవాళ్ళు ఒడిలో పోసుకుపోవడం ఆయన తాతనాటి ఆనవాయితీ. కళ్లం ఊడ్చే మణెమ్మ ఇంట్లో ఇప్పుడు సగం తిండి అదే. ఆమె పెనిమిటి చంద్రయ్య మేళ్లచెరువులో లారీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచం పట్టాడు.

"ఇయ్యాల్టి నుంచి ఒడి బంద్" అన్నాడు రామ్మూర్తి.

"కింద బడ్డయి గద సేటూ. గవి గూడ నీయేనా?"

"నేల నాది. నేల మీద ఉన్నది నాది. దీన్ని ఆస్తిహక్కు అంటరు మణెమ్మా."

"మరి ఊడ్సుడు?"

"అది నీ స్వేచ్ఛ. ఇష్టముంటే చెయ్యి, లేకుంటే లేదు. నేను బలవంతపెట్టేటోణ్ణి కాదు."

డాబా మీద బట్టలారేస్తున్న స్వరాజ్యలక్ష్మికి నవ్వొచ్చింది. మణెమ్మకు రాలేదు. మర్నాడు ఆమె, వెంట మరో పదిమంది, తమ స్వేచ్ఛను తీసుకుని గేటు బయట కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నమే త్రిపురారం వైపు నుంచి మబ్బు లేచింది. కళ్లం నిండా వడ్లు. రామ్మూర్తి పంచె ఎగ్గట్టి గేటు దాకా పరుగెత్తాడు.

"రాండ్రమ్మా! కుప్ప జెయ్యిండ్రి! వానొస్తున్నది!"

"మాకు సదువు రాదు సేటూ" అంది మణెమ్మ కూర్చున్నచోటి నుంచే. "మా బిడ్డ ఉమ సదివి సెప్పింది. నీ బోర్డు మీద వదిలెయ్యండి అని రాసున్నదట. వదిలేసినం."

చినుకులు పడ్డాయి. డాబా మీంచి స్వరాజ్యలక్ష్మి ఎంతో వినయంగా అడిగింది: "ఏమండీ, పోలీసుల్ని పిలవమంటరా, కోర్టునా, సైన్యాన్నా?"

ఆయన నాలుగో చోటికి, జ్యోతి వెలిగించిన అధికారికి, ఫోన్ చేశాడు.

వారం తిరిగేసరికి వదిలెయ్యండి సంఘం హైదరాబాదు రోడ్డు మీద బైఠాయించింది. తడిసిన వడ్లు ఆడిస్తే వచ్చిన రంగు మారిన బియ్యాన్ని సర్కారే కొనాలి, లేకుంటే సర్కారు ఉండి ఏం లాభమని నినాదాలిచ్చింది. ఇది ఉచితం కాదని, న్యాయమని అధ్యక్షులు పత్రికల వాళ్ళకు విడమరిచి చెప్పారు. సర్కారు దయగలది, కొన్నది. ఆ పసుపుపచ్చ బియ్యమే తిరిగి తిరిగి రేషన్ షాపుకు చేరి, మణెమ్మ సంచీలో పడింది. అప్పటికే ఆమె మళ్ళీ పనిలోకి వచ్చేసింది. చంద్రయ్య కాలు అతుక్కోలేదు కనుక, పూర్తి స్వేచ్ఛతోనే వచ్చింది. ఒడి మాత్రం ఇంకా బంద్.

బియ్యం కొనిపించిన అధికారికి మిల్లు ఆవరణలోనే సన్మానం పెట్టారు. కుర్చీలు వేసిన ఆడవాళ్ళను వెనక నిలబడి వినమన్నారు. శాలువా కప్పాక రామ్మూర్తి మైకు పట్టుకున్నాడు.

"నేను తప్పు చేసిన" అన్నాడు. "అందరి ముందర ఒప్పుకుంటున్న."

స్వరాజ్యలక్ష్మి చేతిలోని కాఫీ గ్లాసుల పళ్ళెం అక్కడే ఆగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె వినడం ఇదే మొదలు. వెనక మణెమ్మ, తనకు తెలియకుండానే, కొంగు సర్దుకుంది.

"మబ్బు రాకముందే," అన్నాడు రామ్మూర్తి కళ్ళొత్తుకుంటూ, "సబ్సిడీ టార్పాలిన్లకు దరఖాస్తు పెట్టుకోవాల్సింది."

చప్పట్లు మోగాయి. అంత పెద్దమనిషి తప్పు ఒప్పుకుంటే కొట్టకుండా ఎలా ఉంటాం?